మూడో అంతస్తులో కాక్‌పిట్

నేను ఒక కాక్‌పిట్‌ని. కంగారు పడకండి, ఎగరను. విమానం ముందు గదిలో పైలట్ల ఎదుట ఉండే మీటలూ లైట్లూ గడియారాలూ అన్నీ నా ఒంటి మీద ఉన్నాయి గాని, ఒక్కటీ కదలదు, వెలగదు. నేను ఫ్లెక్సీని.

శంషాబాద్‌లో ఒక ప్రింటింగ్ షాపులో పుట్టాను. నాకు ముందు ఓణీల ఫంక్షన్ బ్యానరు, నా తర్వాత ఎవరో నాయకుడి పుట్టినరోజు బ్యానరు. షాపాయన నన్ను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "గిదేం ఫ్లెక్సీ సార్? ఒక్క మనిషి ఫొటో లేదు. కింద పేరన్న ఎయ్యాల్నా?" అని అడిగాడు. నన్ను వేయించుకున్న కుర్రాడు నవ్వి, వద్దన్నాడు.

ఆ కుర్రాడు చిన్న ఊళ్ళకు రెండు పంకాల విమానాలు నడిపే ఓ కంపెనీలో కొత్తగా చేరిన పైలట్. లైసెన్సు వచ్చేసింది కదా, ఇక ఎగరడమే అనుకుంటారు బయటివాళ్ళు. కంపెనీలో చేరాక చదువు మళ్ళీ మొదటికొస్తుంది. ఆ విమానం తాలూకు పద్ధతులన్నీ నేర్చుకుని, చివర్లో సిమ్యులేటర్ అనే ఉత్తుత్తి విమానంలో పరీక్ష నెగ్గితేనే ఉద్యోగం. అందుకే అతను మూడో అంతస్తు అద్దె ఫ్లాట్‌లో నన్ను గోడకు అంటించి, కింది భాగాన్ని స్టూలు మీద పరిచి, శిక్షణ జంటగా ఇస్తారు కాబట్టి చెరో పక్క ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. అతను గట్టెక్కి వెళ్తూ వెనక వచ్చే జంటకు నన్ను వదిలేశాడు. వాళ్ళు ఇంకో జంటకు. మనుషులు నన్ను రోజంతా ముట్టుకుంటారు, కళ్ళు మూసుకుని తడుముతారు, పని కాగానే మరిచిపోతారు. నాకు కోపం లేదు. ఒక్కటే కుతూహలం. సిమ్యులేటర్ అనే ఆ పెట్టెలో అసలు ఏం జరుగుతుంది? పొద్దున బొట్టు పెట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని వెళ్ళినవాళ్ళు చొక్కాలు తడిసి వస్తారు. ఏమైందో మాత్రం సగమే చెబుతారు.

నీలోఫర్, సింహాచలం వచ్చాకే నాకు మొత్తం తెలిసింది. వాళ్ళిద్దరూ వేరే వేరే ఫ్లాట్లలో ఉండేవారు. ప్రాక్టీసుకు మాత్రం సింహాచలం ఉండే ఈ హాల్లో కలిసేవారు. నీలోఫర్‌ది నంద్యాల. చెయ్యి మెరుపులా కదులుతుంది. ఏ మీట ఎక్కడుందో చూడకుండానే తాకేది. సింహాచలానిది పలాస దగ్గర ఊరు. వయసులో పెద్దవాడు. అంతకుముందు ఏళ్ళ తరబడి విమానంలో ప్రయాణికులకు నీళ్ళూ టీలూ అందించే ఉద్యోగం చేసి, ఆ జీతంతోనే పైలట్ చదువు చదివాడు. ఎవరేం అన్నా చిరునవ్వుతో "ష్యూర్ మేడమ్" అనడం అతని ఒంట్లో ఇంకిపోయింది. తనకంటే ఎంతో చిన్నదైన నీలోఫర్‌నీ మేడమ్ అనే పిలిచేవాడు.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ సిమ్యులేటర్ పరీక్ష నుంచి వచ్చి కుర్చీల్లో కూలబడ్డారు. నీలోఫర్ నా వైపు చూడలేదు.

జరిగింది ఇది. టేకాఫ్ తీసుకోగానే వాళ్ళ శిక్షకుడు కెప్టెన్ పట్టాభి ఎడమ ఇంజిన్ ఆగిపోయేలా చేశాడు. అప్పుడు సింహాచలం విమానాన్ని నడపాలి, నీలోఫర్ పాడైన ఇంజిన్‌కు ఇంధనం కట్టెయ్యాలి. ఆ మీట మీద చెయ్యి వేసి "కన్ఫర్మ్?" అని అడగాలి. పక్కవాడు కళ్ళతో చూసి "కన్ఫర్మ్‌డ్" అన్నాకే లాగాలి. నీలోఫర్ చెయ్యి వేసింది, అడిగింది. అతను కన్ఫర్మ్‌డ్ అన్నాడు. ఆమె లాగింది. కాని ఆ చెయ్యి ఉన్నది కుడి ఇంజిన్ మీట మీద. తిరుగుతున్న ఒక్క ఇంజినూ ఆగిపోయింది. తెర మీద నేల పైకి లేచి వచ్చి, అంతా ఎర్రగా మారి, నిశ్శబ్దమైపోయిందట.

కెప్టెన్ పట్టాభి ఇద్దర్నీ ఫెయిల్ చేశాడు. "ఆవిడ లాగింది, మీరు లాగమన్నారు" అన్నాడట సింహాచలంతో. ఇంకొక్క అవకాశం. అదీ పోతే కంపెనీ ఇంటికి పంపేస్తుంది.

"నువ్వు చూసినావా అన్నా?" అని అడిగింది నీలోఫర్.

సింహాచలం కంగారు పడితే సిక్కోలు యాస బయటికొచ్చేది. "నేదు మేడమ్. నాను సూడనేదు."

"చూడకనే ఎట్ల చెప్తివి?"

"మీరెప్పుడూ తప్పు సెయ్యరు కదా. మీరడిగితే అవునే అయ్యుంటాదని..."

నీలోఫర్ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నేను అడిగింది గూడా ఊరికెనే" అంది మెల్లగా. "నువ్వు సరే అంటావని తెల్సు గదా. నీ మాట ముగియకముందే లాగేసినా."

ఆ సాయంత్రం ఆమె ఒక ఆట కనిపెట్టింది. నా మీటల మీద కావాలనే అప్పుడప్పుడూ తప్పు చోట చెయ్యి వేస్తుంది. అతను చూసి "కాదు" అనాలి. అంతే ఆట. కాని ఆ చిన్న మాట సింహాచలానికి ఎంత కష్టమైందో చూస్తే మీకు జాలేస్తుంది. "మేడమ్, ఒకసారి చూస్తారా..." అనేవాడు. "అదేనా మేడమ్?" అనేవాడు.

"ఇంత మర్యాద జేసేలోపల ఇద్దరమూ సస్తాం అన్నా! కాదు అను!"

"కాదండి."

"అండి ఎందుకు?"

ఇద్దరూ నవ్వుకుని మళ్ళీ మొదలుపెట్టేవారు. ఆమెకు ఆగడం రావాలి, అతనికి ఆపడం రావాలి. నా వినైల్ మీద ఆ రెండు మీటల రంగు వెలిసిపోయింది.

ఒక రోజు ఆమె ఆటలో కాదు, నిజంగానే పొరబడింది. అలసిపోయి ఉంది. చెయ్యి ఇంకా పూర్తిగా ఆనలేదు. "కాదు! నీలోఫరూ, ఆగు!" అని అరిచాడు. పక్క ఫ్లాట్ ఆవిడ ఏమైందోనని తలుపు కొట్టింది. నీలోఫర్ ఆవిడకు సర్దిచెప్పి వచ్చి, ముఖం వెలిగిపోతుండగా, "ఇట్ల అరవాల" అంది.

రెండో పరీక్ష రోజున, లోపలికి పిలిచేదాకా సాధన చేద్దామని నన్ను చుట్టి వెంట తీసుకెళ్ళారు. అలా నేను సిమ్యులేటర్‌ని చూశాను. పొడుగు కాళ్ళ మీద నిలబడ్డ తెల్లటి గది. వాళ్ళు వంతెన మీదుగా లోపలికి వెళ్ళారు, వంతెన పైకి లేచింది, ఆ గది మూలుగుతూ అటూ ఇటూ ఒరిగింది. బయట నుంచి చూస్తే అంతే. లోపల ఇద్దరు మనుషుల బతుకు అటో ఇటో తేలుతోందని ఎవరికీ తెలీదు.

బయటికి వచ్చినప్పుడు సింహాచలం గోడకు ఆనుకున్నాడు. లోపల జరిగింది వాళ్ళ మాటల్లోనే విన్నాను. ఈసారి ఆగిపోయింది కుడి ఇంజిన్. భయంలో ఆమె చెయ్యి ఎడమ దాని మీదికి వెళ్ళింది, అడిగింది. అతను చూసి "కాదు" అన్నాడు. ఆమె ఆగింది, చూసుకుంది, చెయ్యి మార్చి మళ్ళీ అడిగింది. ఒక్క ఇంజిన్‌తో విమానాన్ని దించారు.

"నా చెయ్యి తప్పు పోయింది సార్" అని తనే చెప్పుకుంది కెప్టెన్ పట్టాభితో.

"చూశానమ్మా. నా చెయ్యి కూడా అలా పోయింది, చాలాసార్లు. వెళ్ళి టిఫిన్ తినండి. ఇద్దరూ పాసయ్యారు."

ఆ సంతోషంలో నన్ను అక్కడే మరిచిపోయారు. కెప్టెన్ పట్టాభి నన్ను కారిడార్ గోడకు తగిలించాడు. ఇప్పుడు నా ఉద్యోగం అక్కడే.

జంటగా గట్టెక్కినవాళ్ళు జంటగా ఎగరరు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. కాక్‌పిట్‌లో కొత్తవాడి పక్కన ఎప్పుడూ ఒక కెప్టెన్ ఉండాలి. ఇద్దరు కొత్తవాళ్ళను కూర్చోబెట్టరు. నీలోఫర్‌ను హైదరాబాద్‌లో ఉంచారు, సింహాచలాన్ని బెంగళూరు పంపారు.

కొన్ని నెలలకు మామూలు తనిఖీ పరీక్షకు ఇద్దరూ ఒకే రోజు వచ్చి, టీ కప్పులతో నా ముందే ఎదురుపడ్డారు.

"పోయిన వారం కడప దాటినాక రేడియోలో నీ గొంతు విన్నా" అంది నీలోఫర్. "పలకరిద్దామంటే అందరూ వింటా ఉంటారాయె." ఆ చుట్టుపక్కల ఎగిరే విమానాలన్నిటికీ, కింద నుంచి దారి చెప్పే కంట్రోలర్‌కీ రేడియో ఒకటేనట.

"నీ గొంతు నేనూ విన్నాను. పలకరించాను కదా!"

"ఎప్పుడు?"

"చెన్నై కంట్రోలర్‌కి సెలవు చెప్పేటప్పుడు, చివర్లో 'నమస్కారం' అన్నాను. అంతా ఇంగ్లీషులో మాట్లాడి ఆ ఒక్క ముక్కా తెలుగులో ఎందుకన్నాననుకున్నావు?"

నీలోఫర్ టీ ఒలకబోసుకుంటూ నవ్వింది. "పాపం, ఆయప్ప తనకే అనుకుని 'వణక్కం' అనె!"

లోపలి నుంచి ఎవరో పిలిచారు. ఇద్దరూ కప్పులు నా కింద గట్టు మీద పెట్టి, చెరో గదిలోకి వెళ్ళారు.