స్లాబ్ పోసిన ఆదివారం

రాడిమ్‌ని కొంతాజెమ్ అనే ఆ దూరదేశపు ఊళ్లో ఎవరూ రాడిమ్ అనరు. అక్కడివాళ్ల నాలుకకి ఆ పేరు ‘హాజీం’ అనే తిరుగుతుంది. మొదట్లో సరిదిద్దేవాడు. పద్నాలుగు నెలలు గడిచేసరికి వెనకనుంచి ఎవరైనా “హాజీంగారూ” అంటే వెంటనే తిరిగి చూస్తున్నాడు.

చెక్ దేశంలోని బ్ర్నో నుంచి వచ్చిన ఇంజనీరు అతను. పంపుల బాడీలు పోతపోసే ఫ్యాక్టరీలో అతని ఉద్యోగం ఒక్కటే, పోత బాగుందో లేదో చెప్పడం. బాగాలేకపోతే “బాగాలేదు” అనేవాడు. ఆ ఊళ్లో అలా అనరు. “చూద్దాం” అంటారు, “అదీ ఒక పద్ధతే” అంటారు, అప్పటికే ఎదుటివాడికి అర్థమైపోతుంది. ఈ మధ్య ఆఫీసులో సిర్లేనీ అనే ఆవిడ అతన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మరీ చెప్పింది.

“హాజీంగారూ, మీరు చెప్పేది తప్పని ఎవరూ అనట్లేదు. కానీ మొహం మీద తలుపేసినట్టు చెబుతారు. పోత ఇనుముదే, పోసినవాడు ఇనుము కాదు కదండీ.”

ఆ మాట అతనికి గట్టిగా తగిలింది. రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయాడు.

ఆ శుక్రవారమే బస్సుస్టాపు దగ్గర జెనిల్డో కనిపించాడు. అచ్చుల విభాగం మేస్త్రీ. రాడిమ్ పక్కన పడేయించిన పోతల్లో సగం అతని చేతి మీదుగా వచ్చినవే. వెళ్తూ వెళ్తూ “ఎప్పుడైనా మా ఇంటికి రండి సార్” అన్నాడు. అక్కడ ఆ మాటకి ‘ఉంటాను మరి’ అన్న అర్థం తప్ప ఇంకోటి లేదు. రాడిమ్ మాత్రం ఫోను తీసి, “ఆదివారం తొమ్మిదింటికి రానా? అడ్రసు చెప్పండి” అన్నాడు. కాదనడం చేతకాక జెనిల్డో అడ్రసు చెప్పాడు. ఎలాగూ రాడులే అనుకున్నాడు.

ఆదివారం తొమ్మిదింటికి, ఇస్త్రీ చొక్కాతో, చేతిలో కేకు పెట్టెతో రాడిమ్ ఆ కొండవాలు వీధి చివర దిగాడు. జెనిల్డో ఇంటి ముందు ఇరవైమంది ఉన్నారు. కాంక్రీటు కలిపే మిషను గరగరలాడుతోంది. మనుషులు మెట్ల పొడవునా వరసగా నిలబడి బకెట్లు అందించుకుంటున్నారు. ఆ రోజు స్లాబ్ పోస్తున్నారు. డబ్బులిచ్చి పిలిచిన కూలీలు కారు, అందరూ వీధివాళ్లూ చుట్టాలే. పని వాళ్లది, తిండి ఇంటివాళ్లది.

జెనిల్డో పార పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అతని భార్య మరీల్జా చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

“వచ్చారా! మీ కోసమే చూస్తున్నాం.”

అది అబద్ధమని రాడిమ్‌కి కూడా తెలిసిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. తిరిగి వెళ్లిపోదామనుకునేలోగా కేకు పెట్టె ఆవిడ చేతిలోకీ, ఆవిడ తండ్రి పాత ప్యాంటు అతని చేతిలోకీ మారాయి. ప్యాంటు పిక్కల దగ్గరే ఆగిపోయింది.

“మన పోతలు పారేయించేది ఈయనేనా?” అన్నాడు వరసలో ఒకడు. “జెనిల్డో, జాగ్రత్త. ఈ స్లాబ్ కూడా వెనక్కి పంపిస్తాడేమో!”

అందరూ నవ్వారు. రాడిమ్ కూడా నవ్వి వరసలో నిలబడ్డాడు. గంట గడిచేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. పక్కవాడు చూసి తన చేతిగుడ్డలు విప్పి ఇచ్చాడు. ఈ దేశానికి వచ్చాక, ఏదీ పరీక్షించకుండా తను చేసిన మొదటి పని ఇదేనని అతనికి తోచింది. హాయిగా ఉంది.

మంచినీళ్ల కోసం ఇంట్లోకి వెళ్లినప్పుడు చూశాడు. స్లాబ్ కింద బరువు ఆపడానికి జామాయిల్ కర్రలు పోట్లుగా నిలబెట్టి ఉన్నాయి. వెనక మూల, కాలవ గొట్టం పాతి కొత్తగా మన్ను పూడ్చిన చోట, ఒక కర్ర కింద పెట్టిన చెక్క చీలి ఉంది. మన్ను మెత్తగా ఉంది. కర్ర వేలెడంత దిగినట్టుంది.

మరీల్జా తండ్రి ఒతాసీలియో అక్కడే కూజా దగ్గర ఉన్నాడు. నలభై ఏళ్లు తాపీ పట్టినవాడు, ఈ పోట్లన్నీ పెట్టినవాడు. రాడిమ్ నోటిదాకా ఆ మాట వచ్చింది. బాగాలేదు. ఆపేయండి. కానీ పిలవకుండా వచ్చిన ఇల్లు, పెద్దాయన, బయట ఇరవైమంది. సిర్లేనీ ఇచ్చిన కాఫీ గుర్తొచ్చింది.

“ఆ మూల కర్ర... పర్వాలేదంటారా?” అన్నాడు, వీలైనంత మెత్తగా.

“పర్వాలేదు బాబూ. నీళ్లు తాగు, చల్లగా ఉన్నాయి.”

తాగి, వెళ్లి మళ్లీ బకెట్ అందుకున్నాడు. ఆ తర్వాత ప్రతి బకెట్ బరువూ ఆ మూలకే పోతున్నట్టు అనిపిస్తూనే ఉంది. అయినా నోరు మెదపలేదు.

పదకొండున్నరకి లోపల ఏదో పటుక్కుమంది. “దిగండి! అందరూ దిగండి!” అని ఒతాసీలియో అరిచాడు. మూల ముందు కుంగింది. తర్వాత ఇటుక పలకలూ తడి కాంక్రీటూ కలిసి వంటింటి వెనక్కి కూలిపోయాయి. పైనుంచి దూకిన జెనిల్డోకి మోకాలినుంచి మడమదాకా చర్మం లేచిపోయింది. పళ్లాలు తెద్దామని ఆ మూలకి వెళ్లిన మరీల్జా అప్పుడే బయటికి వచ్చింది. పళ్లాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎవరో మిషను ఆపేశారు.

“నేను చూశాను,” అన్నాడు రాడిమ్. “ఆ కర్ర. ముందే చూశాను.”

జెనిల్డో కుంటుకుంటూ అతని ముందుకొచ్చాడు.

“చూశావా? ఫ్యాక్టరీలో వెంట్రుకంత పగులుంటే నా రోజు పనంతా పక్కన పడేయిస్తావు. రోజూ నా మొహం మీద ‘బాగాలేదు, బాగాలేదు’ అంటావు. నా పెళ్లాం నెత్తిమీద స్లాబ్ ఉన్న రోజున నీకు మర్యాద గుర్తొచ్చిందా?”

జెనిల్డో రాడిమ్‌ని ‘నువ్వు’ అనడం అదే మొదటిసారి.

“నన్నడిగాడు,” అన్నాడు ఒతాసీలియో నెమ్మదిగా. “పర్వాలేదా అన్నాడు. నేను వంగి చూడను కూడా చూడలేదు.”

“అది అడగడం కాదు,” అన్నాడు రాడిమ్. “నీళ్లడిగినట్టు అడిగాను. ఆపమని చెప్పాల్సింది.”

ముసలాయనే ముందు కదిలాడు. మిగతా కాంక్రీటు గట్టిపడేలోగా తెగిన అంచుకి చెక్క బిగించాలి, లేకపోతే అదీ పోతుంది. రాడిమ్ అడ్డంగా పలక పట్టుకున్నాడు, ముసలాయన మేకులు కొట్టాడు. కూలినదంతా ఎత్తి పోసేసరికి మూడయింది. కోడికూర, బెండకాయలు, మొక్కజొన్న సంకటి. ఎవరి పళ్లెం వాళ్లు పట్టుకుని మెట్లమీద ఎడంఎడంగా కూర్చుని తిన్నారు. మరీల్జా మాత్రం కేకు కోసి అందరికీ పంచింది. రాడిమ్‌కీ ఒక ముక్క పెట్టింది.

సోమ, మంగళ, బుధవారాలు జెనిల్డో అతనితో మాట్లాడలేదు. గురువారం రాడిమ్ ఒక పోత ముందు ఆగి చాలాసేపు చూశాడు. పక్కన జెనిల్డో ఉన్నాడు. ఎలా చెప్పాలా అని వెతుక్కున్నాడు.

“ఇది బాగాలేదు,” అన్నాడు చివరికి. “కానీ తప్పు నీ అచ్చుది కాదు. ఇసుకలో తేమ ఎక్కువైంది. రా, ఇద్దరం వెళ్లి చూద్దాం.”

జెనిల్డో చేతికంటిన ఇసుక దులుపుకున్నాడు. “పద,” అన్నాడు.

శనివారం రాడిమ్ తనే అడిగి మరీ వాళ్లింటికి వెళ్లాడు. మూల మన్ను తవ్వి, రాళ్లు పోసి దిమ్మిస కొట్టి, ఒతాసీలియోతో కలిసి ప్రతి కర్రనీ సుత్తితో తట్టి చూశాడు. రెండింటి దగ్గర “ఇది మార్చాలి” అన్నాడు. ముసలాయన ఒకదానికి ఒప్పుకున్నాడు. రెండోదానికి అరగంట వాదించి తన మాటే నెగ్గించుకున్నాడు. నిజానికి ఆ కర్ర బాగానే ఉంది.

ఆదివారం ఎనిమిదిమందే వచ్చారు, పదింటికల్లా మూల నిండిపోయింది. తడి స్లాబ్ అంచున, గోడమీద ముసలాయనా రాడిమూ పక్కపక్కన కూర్చున్నారు. కింద ఫ్యాక్టరీ గొట్టాలు, వాటి అవతల ఎర్ర కొండలు.

“మీ ఊళ్లో స్లాబ్ ఎలా పోస్తారు?” అన్నాడు ఒతాసీలియో.

“మా నాన్న ఇంటికి పెంకులే. వాలు బాగా ఎక్కువ. మంచు పడుతుంది కదా, బరువు.”

“మంచుకి బరువేంటి? టీవీలో దూదిలా ఉంటుందిగా!”

రాడిమ్ చెప్పడం మొదలుపెట్టాడు. ఒక చలికాలం కప్పు కిర్రుమంటుంటే తనూ తమ్ముడూ నడుముకి తాడు కట్టుకుని పైకెక్కి పారలతో మంచు తోసిన సంగతి, తమ్ముడు జారి గుమ్మం ముందు పోగులో నడుందాకా కూరుకుపోయిన సంగతి. క్రియలన్నీ తప్పుగా పడుతున్నాయి. ముసలాయన సరిదిద్దలేదు, “ఆఁ, తర్వాత?” అంటున్నాడు. ఇంత పొడుగు కథ ఈ భాషలో తను ఎప్పుడూ చెప్పలేదని సగంలో తెలిసి, రాడిమ్ ఒకసారి తడబడి, మళ్లీ అందుకున్నాడు.

“ఓయ్,” కిందనుంచి జెనిల్డో కేకేశాడు, “తిండికి దిగుతావా, ఇంకా ఆ మంచే ఎత్తుతుంటావా?”

“ఆగరా,” అన్నాడు ఒతాసీలియో. “తమ్ముణ్ణి ఇంకా బయటికి లాగలేదు.”