ఇంటికప్పులోకి వెళ్ళిన రాజు

మా రాజు కిరీటాన్ని కర్రతో తీశారు. చేత్తో కూడా కాదు.

జిల్లా కచేరీ వాకిట్లో, మిట్టమధ్యాహ్నం, ఊరంతా చూస్తుండగా జరిగింది. చూస్తుండగా అన్నాను గానీ చూసినవాళ్ళం తక్కువే. కర్ర పైకి లేవగానే మేమంతా నేలమీద బోర్లా పడి కళ్ళు మూసుకున్నాం. ఒబా అంటే మా రాజు. ఆయన తల బోసిగా ఉంటే మాలో ఎవరూ చూడకూడదు. పిల్లల కళ్ళు తల్లులే మూస్తారు. పండగనాడు ఆయన మొహం కూడా కిరీటానికి వేలాడే పూసల వెనకే కనిపిస్తుంది మాకు.

కర్ర పట్టుకున్న ఎమీరు బంటు నవ్వాడు.

"చూశారా మగాజీ గారూ, వంగటం బాగానే వచ్చు వీళ్ళకి. ఇన్నాళ్ళూ అడిగేవాడు లేక వంగలేదు."

మగాజీ యాకుబా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన తలపాగా పట్నం నుంచి ఈ సీమని ఏలే ఎమీరు, మగాజీ అనే పెద్దరికం ఇస్తూ చుట్టించింది. మా ఒకె-అపాసాకీ చుట్టుపక్కల పల్లెలకీ ఆయనే పెద్ద అని సర్కారు ఒప్పుకుంది. మా ఒబాని ఒప్పుకోలేదు. ఎమీరు తాతలు గుర్రాలెక్కి ఈ వైపు రాకముందే మా ఊరుంది, ఊరికి రాజుండేవాడు. అయినా సర్కారుకి మా రాజు కనపడడు. తలపాగా కనపడుతుంది.

మిల్లులో పనిచేసే పిల్లలూ, చదువుకునే పిల్లలూ నన్ను అడుగుతుంటారు, ఒక టోపీ కోసం జైలుకి పోయారా తాతా అని. టోపీ కోసం కాదు. చెరకు కంపెనీ వచ్చి, వాగు వారన ఉన్న మా పెండలం పొలాలన్నీ కావాలంది. సర్కారు ఎవరిని ఊరిపెద్ద అంటే అతను సరేనన్నాక నేల పోయినట్టే. మగాజీ సరేనన్నాడు. మా ఒబా అనలేదు. అందుకే మమ్మల్ని కచేరీకి పిలిపించి, ఆయన నెత్తిమీద ఉన్నది ఏమీ కాదని మాకు చూపించారు.

"ఒక వాకిట్లో రెండు పెద్దరికాలు ఉండవు," అన్నాడు మగాజీ. "ఇది కచేరీ గదిలో ఉంటుంది, తాళం వేసి. అడెబొంపె ఇంటికి పోయి పొలం చూసుకోవచ్చు."

పేరు పెట్టి పిలిచాడు. పట్టం కట్టాక ఒబాని కన్నతల్లి కూడా పేరు పెట్టి పిలవదు. కబియేసీ అంటుంది, ఏలినవారూ అన్నట్టు.

మేము కళ్ళు తెరిచేసరికి ఒబా తన అంగీ వెడల్పు చేతిని తలమీదికి లాక్కుని నిలబడి ఉన్నాడు. ముసలాయన. ఎండకి చెమట కారుతోంది.

"లేవండి," అన్నాడు. "మోకాళ్ళు పట్టేస్తాయి. ఇంటికి పోదాం."

నడిచాం. వానలు ఆలస్యమైన ఏడు అది. దుమ్ము.

ఆ సాయంత్రం సంత పాకలో కూర్చున్నాం. సంతకి పెద్ద ఇయా మొరాంకె. పెండలం అమ్మే ఆడవాళ్ళంతా ఆమె మాట మీద ఉంటారు. ఆమె ఎవరి మాట మీదా ఉండదు. ఒబా మామూలు గుడ్డ టోపీ పెట్టుకుని ఒక మూల మొద్దు మీద కూర్చున్నాడు.

ముందు సుమోను లేచాడు. నా పొలం గట్టు పక్క పొలం అతనిది.

"నేను అలిసిపోయినా. మా నాయన ఈ తగువులోనే పోయాడు. ఆయన తండ్రీ అంతే. నెత్తిన తలపాగా ఉంటే ఏంది, కిరీటం ఉంటే ఏంది? మన చేతిలో ఉండేది పారే గదా!"

"రేపు ఆ పార యాడ ఏస్తావురా?" అంది మొరాంకె. "కంపెనీ బంగళా ముందు పూలమొక్కలకా?"

కొందరు నవ్వారు. సుమోను నవ్వలేదు.

కాలేజీ నుంచి వచ్చిన ఇబిరోంకె లేచింది. మా పక్కింటి పిల్లే. సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం పెద్దది.

"నేనొకటి చెప్తా, ఎవరూ కోపం తెచ్చుకోవద్దు. నాకు రాజులొద్దు. ఎమీరొద్దు, మగాజీ వద్దు, ఒబా కూడా వద్దు. దున్నేవాళ్ళు నేల మాది అనాలి. ఒక ముసలాయన నెత్తిమీద పూసలు కాదు అనాల్సింది."

పాకలో గోల లేచింది. ఆ పిల్ల నోరు మూయించమని ఒకరు, కాలేజీలో నేర్పేది ఇదేనా అని ఒకరు. అల్ఫా సాలియు చెయ్యెత్తాడు. మా మసీదులో నమాజు చేయించేది ఆయనే.

"ఆగండయ్యా. రేపు మగాజీ ఇది మతం తగువని చెప్తాడు. ఎమీరు మొక్కే దేవుడికే నేనూ మొక్కుతున్నా. ఆయన తిరిగే దిక్కుకే తిరుగుతున్నా. దేవుడు నా పెండలం పొలం అడగలేదు. యాకుబా అడిగాడు. అది గుర్తుపెట్టుకోండి."

అప్పుడు ఒబా గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయి చెప్పింది నిజమే. నాకూ ఆ కిరీటం మీద ఆశ లేదు. బరువు. మెడ పట్టేస్తది. లారీ తోలుకునేవాణ్ణి, స్టీరింగు కాడి నుంచి లాక్కొచ్చి పెట్టారు మీరు. కాని తల్లీ, దాన్ని తీసెయ్యాలంటే ఊరే తీసెయ్యాల. నువ్వు తీసెయ్. నేను ఇప్పుడే లారీ ఎక్కుతా. కర్రతో వాడు తీస్తే మాత్రం, రేపు నీ పొలం కూడా ఆ కర్రతోనే తీస్తాడు."

ఇబిరోంకె కూర్చుంటూ అంది: "అయితే ముందు ఆ కర్ర సంగతి చూద్దాం. మన సంగతి తర్వాత తేల్చుకుందాం కబియేసీ."

"తేల్చుకుందాం," అన్నాడాయన. "నేను ఇంటికప్పులోకి వెళ్ళేలోగా తేల్చు."

ఆ మాటకి ఆడవాళ్ళు నోటిమీద చెయ్యి పెట్టుకున్నారు. రాజు చచ్చిపోయాడని మేము అనం. రైతు చచ్చిపోతాడు. రాజు ఇంటికప్పులోకి వెళతాడు. ఆ మాట ఇంకెవరికీ వాడం. వాడితే పెద్దవాళ్ళు చెంప పగలగొడతారు. రాజు వెళ్ళిన రోజు సంత మూసి, పామాయిల్ చెట్ల లేత మట్టలు అడ్డంగా కడతాం. మళ్ళీ పట్టం కట్టేదాకా ఆ మట్టలు దాటి ఎవరూ గంప దించరు. ఇది మాలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

ట్రాక్టర్లు వచ్చిన పొద్దున మేమంతా పొలంలో ఉన్నాం. పెండలం నాటిన మట్టి దిబ్బలు నడుమెత్తు ఉంటాయి. దిబ్బకొకరం కూర్చున్నాం. ముందు వరసలో ఆడవాళ్ళు. ఒబా నా పక్క దిబ్బ మీద. ఇబిరోంకె కాలేజీ నుంచి తన వాళ్ళని లారీ ఎక్కించుకొచ్చింది. పట్నం చెప్పులతో దిబ్బలు ఎక్కలేక జారిపడుతున్నారు. మొరాంకె వాళ్ళని చూసి, "దిబ్బ తొక్కేస్తున్నారే, ట్రాక్టరు నయం!" అని అరిచింది. అదే చివరిసారి మేమంతా కలిసి నవ్వటం.

అప్పటికి దేశం సైన్యం చేతిలో ఉంది. పోలీసులు లాఠీలతో వచ్చారు. ఆడవాళ్ళు లేవలేదు. కొట్టారు. అయినా లేవలేదు. ట్రాక్టరు డ్రైవర్లు ఇంజన్లు ఆపేసి దిగారు. వాళ్ళూ మాలాంటివాళ్ళే. ఒకతను పోలీసులతో అన్నాడు: "మట్టి దున్నమన్నారు. మనుషుల్ని దున్నమనలేదు."

ఒబానీ నన్నూ ఇంకొందరినీ వ్యాన్లో పడేశారు.

లాకప్పు గది సిమెంటు నేల. ఒబాకి దగ్గు ముందునుంచీ ఉంది. అక్కడ ఎక్కువైంది. ఇన్‌స్పెక్టరు పేరు ఒగుంతాదె. మా భాషవాడే. దక్షిణాన కిరీటాలున్న ఊళ్ళ వైపువాడు. చెడ్డవాడని చెప్పలేను. మంచివాడనీ చెప్పలేను. జీతగాడు. పొద్దున్నే కటకటాల దగ్గరికొచ్చి అడిగేవాడు.

"పెద్దాయనా, నేను రాజుని కాదు అని ఒక్క మాట చెప్పండి. నేను పైకి చెప్తా. ఈ రోజే ఇంటికి పోతారు."

"నాకు నేను పెట్టుకున్న పేరైతే నేనే తీసేసేవాణ్ణి నాయనా. ఊరు పెట్టింది. ఊరినడుగు."

"ఊరందర్నీ అడిగేదెట్టా?"

"అదే గదా మీకు కుదరనిది," అని దగ్గేవాడు.

కొన్నాళ్ళకి మమ్మల్ని వదిలేశారు. ఆయన్ని వదల్లేదు. వచ్చేస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "అజానీ, దిబ్బల్లో కలుపు తీయండి. కూర్చుని కూర్చుని కలుపు మర్చిపోయారు మీరంతా." నాతో ఆయన అన్న చివరి మాట అదే. వచ్చి కలుపు తీశాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

మొరాంకె రోజూ దంచిన పెండలం ముద్దా ఆకుకూర పులుసూ స్టేషనుకి పట్టుకెళ్ళేది. ఖాళీ గిన్నె తిరిగొచ్చేది. ఒక పొద్దున గిన్నె పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. పైన కప్పిన ఆకు కూడా కదల్లేదు. తెచ్చిచ్చిన కానిస్టేబులు ఆమె మొహం చూడలేదు.

ఆమె ఏడవలేదు. గిన్నె గేటు ముందు పెట్టి, దాని పక్కన కూర్చుంది. కబురు పల్లెలన్నిటికీ పాకింది. ఎండ ఎక్కేసరికి రోడ్డు నిండిపోయింది. పొలాల నుంచి పారలతోనే వచ్చారు. మిల్లు నుంచి షిఫ్టు దిగిన కూలీలు వచ్చారు. అల్ఫా సాలియు వచ్చాడు. అలిసిపోయిన సుమోను అందరికంటే ముందొచ్చాడు.

మగాజీ యాకుబా కారు స్టేషను వెనకవైపు నుంచి వచ్చింది. లోపల ఏం మాట్లాడుకున్నారో తర్వాత కానిస్టేబుళ్ళే చెప్పారు. అడెబొంపె అనే రైతు జబ్బుచేసి చచ్చిపోయాడు, శవాన్ని ఇంటివాళ్ళు తీసుకుపోవచ్చు. ఇంతే చెప్పమన్నాడట మగాజీ. రాజు అనే మాట రాకూడదు.

ఇన్‌స్పెక్టరు మెట్ల మీదికి వచ్చాడు. మగాజీ ఆయన పక్కన నిలబడ్డాడు.

"ఒకె-అపాసా ప్రజలకి తెలియజేసేదేమంటే," అని మొదలుపెట్టాడు. ఆగాడు. "అడె..." అన్నాడు. మళ్ళీ ఆగాడు. మొరాంకె ఆయన్నే చూస్తోంది. ఆమె ముందు ఆ చల్లారిన గిన్నె.

ఆయనకీ ఒక తల్లి ఉంది గదా. ఆమె కూడా చిన్నప్పుడు చెంప మీద కొట్టే నేర్పి ఉంటుంది.

ఇన్‌స్పెక్టరు టోపీ తీశాడు.

"కబియేసి ఇంటికప్పులోకి వెళ్ళారు," అన్నాడు.

మగాజీ ఆయన చెయ్యి గుంజాడు. "ఏమన్నావ్? ఏమన్నావయ్యా నువ్వు?" అన్నదేమిటో అప్పుడే ఇన్‌స్పెక్టరుకీ తెలిసినట్టుంది. టోపీ మళ్ళీ పెట్టుకోలేదు.

మొరాంకె లేచింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, నెమ్మదిగా.

"విన్నారా? నేననలేదు. మీరనలేదు. సర్కారు నోటితో అన్నది. రాజు లేడన్నోళ్ళే రాజు వెళ్ళాడని చెప్పారు." తర్వాత మగాజీ వైపు తిరిగింది. "ఆయన్ని బోసి తలతో పంపిస్తావా? కిరీటం తీసుకురా."

"అది కచేరీలో ఉంది. ఇచ్చేది లేదు."

"నీ దగ్గరే ఉంచుకో అయితే."

ఆమె తన తలగుడ్డ విప్పింది. నడివయసు దాటిన ఆడది నలుగురిలో తలగుడ్డ విప్పటం నేను అదొక్కసారే చూశాను. ఆమె వెనక సంత ఆడవాళ్ళంతా విప్పారు. ఇబిరోంకె కూడా విప్పింది. నీలివి, ఎర్రవి, వెలిసిపోయినవి. పోగేసి లోపలికి తీసుకెళ్ళారు. ఎవరూ ఆపలేదు.

ఆయన్ని బయటికి తెచ్చేసరికి తల కనపడటం లేదు. గుడ్డ మీద గుడ్డ, కిరీటం అంత ఎత్తున ఉంది. మేమంతా నేలమీద పడ్డాం. ఈసారి కళ్ళు మూసుకోలేదు. గేటు దగ్గరున్న కానిస్టేబులు కుర్రాడు లాఠీ పక్కన పెట్టి మోకాళ్ళ మీద పడ్డాడు. తర్వాత ఇంకొకడు. ఇన్‌స్పెక్టరు మెట్ల మీదే వంగాడు. మగాజీ ఒక్కడే తలపాగాతో నిలబడ్డాడు. ఎవరికి వంగామో ఈసారి ఎవరూ ఆయనకి చెప్పక్కర్లేదు.

ఇన్‌స్పెక్టర్ని ఉత్తరాన ఎడారి దిక్కుకి బదిలీ చేశారు. ఆయన అన్న మాట పనికి రాదని పైవాళ్ళు అన్నారు.

మేము సంతలు మూశాం. పల్లె పల్లెకీ అడ్డంగా మట్టలు కట్టాం. పట్నానికి పెండలం పోలేదు, జొన్న పోలేదు, నూనె పోలేదు. మగాజీ మా పెద్దల్ని పిలిపించాడు.

"సంత తెరవండి."

"రాజు వెళితే మూస్తాం. మళ్ళీ పట్టం కడితే తెరుస్తాం," అంది మొరాంకె.

"మీకు రాజెక్కడ?"

"రాజే లేకపోతే మూసినోళ్ళెవరు? పో, పోయి వాళ్ళనే తెరవమను."

ఆమెని రెండుసార్లు లోపలేశారు. ఇబిరోంకెని కాలేజీ నుంచి తీసేశారు. ఇప్పుడు ఆమె మిల్లు కూలీల సంఘంలో ఉంది. రాజులొద్దని ఇప్పటికీ అంటుంది. వాడిన మట్టలు మార్చి కట్టేటప్పుడు మాత్రం మొదట ఆమే వస్తుంది. ట్రాక్టర్లు వాగు అవతల గడ్డిలో నిలబడి ఉన్నాయి. కంపెనీ పోలేదు. మేమూ పోలేదు.

కొత్త ఒబాని ఎంచుకున్నాం. సుమోనుని. వద్దని ఏడ్చాడు. అలిసిపోయినా అన్నాడు. అందరం అలిసిపోయాం, కూర్చో అంది మొరాంకె. కిరీటం ఇంకా కచేరీ గదిలోనే, తాళం వెనక ఉంది. రేపు పొద్దున పల్లెలన్నీ కలిసి ఆ వాకిట్లోకి పోతున్నాం. మిల్లు వాళ్ళు కూడా పని ఆపి వస్తామన్నారు. నా మోకాళ్ళు ఇప్పుడు వంగవు. నిలబడే అడుగుతాను.