మేకుల సంచి

పలకల దొంతరలో ఒక బద్ద పక్కకు జరిగి ఉంది. అర వేలంత, అంతే. ఇంకొకరి కంటికి ఆనదు. నా కంట్లో నలుసు పడ్డట్టయింది.

ఆ దొంతర పేర్చింది నేనూ మా తమ్ముడూ. మంచి చేవ ఉన్న దుంగను పలకలు కోయించి, పలకకూ పలకకూ మధ్య గాలి ఆడేటట్టు సన్నబద్దలు పెట్టాం. బద్ద మీద బద్ద నిలువునా రావాలి. తప్పిందంటే పైబరువుకు పలక వంగిపోతుంది. నూలు పట్టి మరీ పెట్టాను ఒక్కొక్కటీ. అది తనంతట తాను జరగదు. ఎవరో దొంతర విప్పి మళ్ళీ పేర్చారు.

షెడ్డుకు తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గరుంటుంది. రెండోది తమ్ముడి దగ్గర.

పలకలన్నీ ఉన్నాయి. వంగి కొసలు చూశాను. కొసల్లోంచి తడి గబగబా పోతే పగుళ్ళిస్తుందని, పేర్చిన రోజే వాటికి నీలం రంగు పూశాం. అది వెలిసి బూడిదరంగుకు వచ్చింది. నడిమి పలక కొస మాత్రం కొత్తగా పూసిన రంగుతో తళతళలాడుతోంది. పక్కవాటికంటే జానెడు పొట్టిగా కూడా ఉంది.

జానెడు ముక్కతో వీడికేం పని? ఉలి పిడికైతే మూలనిండా తుక్కు ముక్కలున్నాయి. ఎవడికో చూపించడానికే కోశాడు. నాకు తెలియకుండా బేరం పెట్టాడు. అలా అనుకున్నాక ఇక వాడు నవ్వినా అందుకే, నవ్వకపోయినా అందుకే.

గ్రంథాలయం వాళ్ళు పెద్ద తలుపుల జత అడిగారు. మా కొట్టుకు అంత పెద్ద పని ఎప్పుడూ రాలేదు. తమ్ముడు మొదలుపెడదామంటాడు. ఈ పలకలు ఇంకా పచ్చి అంటాను నేను. వాళ్ళు ఎక్కువ రోజులు ఆగరు, ఇంకో కొట్టుకు పోతారు. అలాగని పచ్చి చెక్కతో చేసిస్తే అంతకంటే నష్టం. వెనక ఒకసారి తొందరపడి ఇచ్చిన తలుపు వానకు ఉబ్బి బిగుసుకుపోతే, ఇంటాయన కిటికీలోంచి దిగొచ్చి మరీ మమ్మల్ని తిట్టాడు. ఇంకొకటి అలా అయిందంటే మా గడప తొక్కేవాడుండడు.

తమ్ముణ్ణి అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతాడు. దొంతర చుట్టూ రంపప్పొట్టు పలచగా చల్లి వచ్చాను. మర్నాడు చూస్తే అడుగులున్నాయి. కాలు పెట్టి చూసుకుంటే నావే.

తమ్ముడి ఇంటికీ మా ఇంటికీ నడుమ గోడ ఒకటే. ఆ పొద్దున వాళ్ళ వంటింట్లోంచి కలప వాసన వచ్చింది. నూనె సీసా వంక పెట్టుకుని వెళ్ళాను. పొయ్యి గట్టు మీద రేకు పళ్ళెం, పళ్ళెంలో చెక్క ముక్క. పక్కనే మరదలు పప్పులు తూచుకునే తక్కెడ.

"ఏంటమ్మా, కొత్త వంటా?"

"మీ తమ్ముడి వంట బావగారూ. ఉప్పూ కారం వెయ్యొద్దన్నాడు."

తమ్ముడు పెరట్లోంచి తుండుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, నన్ను చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఎవడికి చూపించావురా ఆ ముక్క?"

"ఎవడికి చూపిస్తాను? కోసి తూచాను, కాచి తూచాను. బరువు గోరంత తగ్గింది. అందులో తడి లేదన్నయ్యా. నువ్వే ఊరికే పచ్చి, పచ్చి అంటున్నావు."

"నాకు చెప్పి కొయ్యొచ్చుగా?"

"చెబితే కొయ్యనిస్తావా? ఆ పని పక్కకొట్టు వాడికి ఇప్పించడానికే సాగదీస్తున్నావేమో, నాకేం తెలుసు?"

నన్నా! ఒక్క కడుపున పుట్టామనిపించింది మాత్రం అప్పుడే.

"కొసముక్క అబద్ధం చెబుతుందిరా. రంగు పూసినా ముందు ఆరేది కొసే. నడుము కోసి తూచు."

"నడుము కోస్తే తలుపుకు పొడవేదీ?"

నిజమే.

"కొయ్యడమెందుకు?" అంది మరదలు. "పలక పలకంతా తూచండి, నెలకోసారి. బరువు తగ్గుతున్నన్నాళ్ళూ తడి ఉన్నట్టే. తగ్గడం ఆగితే ఆరినట్టు."

"అంత పలకకు తక్కెడేదీ?"

"వడ్రంగులు ఇద్దరున్నారు ఇంట్లో. ఒక కర్ర వేలాడదీయలేరా?"

షెడ్డు దూలానికి కర్ర కట్టాం. ఒక కొసన నడిమి పలక, రెండో కొసన గోనెసంచి. కర్ర సమంగా నిలిచేదాకా సంచిలో పాత మేకులూ, మడతబందులూ, విరిగిన గడియలూ వేశాం. వేశాక నేను వాడి చేతులు చూశాను. వాడు నా చేతులు చూశాడు. సంచిలోంచి గుప్పెడు మేకులు తీసేయడం ఎంతసేపు?

మరదలు సంచి మూతి కుట్టేసింది. "ఈ ముడి మీ ఇద్దరికీ రాదు," అని తీసుకెళ్ళి తన మంచం కిందకు తోసింది.

నెల తిరిగాక మళ్ళీ కట్టాం. పలక పైకి లేచింది. తమ్ముడి మొహం వాడిపోయింది. నేనేమీ అనలేదు. అంటే వాడికి తేలికయ్యేది. కర్ర సమం కావడానికి ఎన్ని మేకులు కావాలో అన్నీ పలకకే కట్టి ఉంచాం. గ్రంథాలయం వాళ్ళను ఇంకొన్నాళ్ళు ఆపింది వాడే. ఎన్ని మాటలు పడ్డాడో నాకు చెప్పలేదు.

తర్వాతి నెల గోరంత లేచింది; ఇంకో రెండు మేకులు కట్టాం. ఆ మరుసటి నెల కర్ర కదల్లేదు.

చేత్తో ఊపాను. ఊగి ఊగి మళ్ళీ సమంగా నిలిచింది. వంగి పలక కిందికి చూశాను.

"కిందికి లాగే దారమేమీ కట్టలేదులే," అన్నాడు తమ్ముడు.

"ముడి కూడా చూసుకోండి బావగారూ," అంది మరదలు.

చూశాను. ఆమె ముడే.

పలక దింపి, బల్ల మీద పెట్టి, నడుమ, గడియ వచ్చే చోట చిన్న బెజ్జం తొలిచాను. పొట్టు అరచేతిలోకి తీసుకుని నలిపాను. ముద్ద కట్టలేదు, చేతికి అంటలేదు. ఊదితే ఎగిరిపోయింది. వాడు నా చేతినే చూస్తున్నాడు.

"ఆరింది," అన్నాను.

"ఏదీ, ఇంకోసారి అను."

"ఆరిందిరా. తలుపులు మొదలుపెట్టు."

కొలబద్ద తీసుకుని అప్పుడే గీతలు పెట్టడం మొదలుపెట్టాడు. మరదలు సంచి వైపు చూసింది.

"ఇక దీని కుట్లు విప్పేయనా?"

"ఉండనీ," అన్నాం ఇద్దరం, ఒక్కసారే.