గేజి అక్క ఇంటి దుమ్ము

సాయంత్రం పని దిగి ఇంటికి రాగానే గేజి అక్క మొదట అందుకునేది చీపురు. చెప్పులు కూడా విడిచేది కాదు, విడిస్తే కాళ్లకి అంటుకుంటుందని. ముందు గదిలో, మంచం మీద, పొయ్యి గట్టు మీద, ఆఖరికి మూత పెట్టిన మంచినీళ్ల బిందె మీద కూడా దుమ్ము పరుచుకుని ఉండేది. ఒకరోజు ఎర్రమట్టి, ఒకరోజు సున్నం, ఒకరోజు ఇటుకపొడి. ఇసుక వచ్చిన రోజున మాత్రం కాస్త తిట్టుకునేది. అది పరుపులో దూరిందంటే ఒక పట్టాన వదలదు.

ఆ ఊళ్లో ఉన్నది ఒకటే ఫ్యాక్టరీ. అందులో ఫిరంగి గుండ్లు తయారవుతాయి. పోత పోసేవాళ్లు, లేతు పట్టేవాళ్లు, రంగు వేసేవాళ్లు వందలమంది ఉన్నా, చివరి బెంచీ దగ్గర గుండుకి ఇనప కడియం లాంటి గేజి తొడిగి, కొలత సరిపోయిందని ముద్ర కొట్టేవాళ్లు గేజి అక్కతో కలిపి కొద్దిమందే. ఎవరు ముద్ర కొడితే వాళ్లింట్లో ఆ సాయంత్రమే దుమ్ము పడేది. ఆ గుండ్లు ఎప్పుడో ఒకప్పుడు ఏ గోడల మీద పడబోతున్నాయో ఆ గోడల దుమ్ము. వానలో తిరిగితే తడుస్తామన్నంత మామూలు సంగతి కాబట్టి దాన్ని గురించి ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. మునిసిపాలిటీ బండి వచ్చి ఎత్తుకుపోయేది. రోడ్ల మీద గుంటలన్నీ దాంతోనే పూడ్చారు. గట్టి రోడ్లని ఆ ఊరికి చుట్టుపక్కల పేరు కూడా ఉంది.

ఆ దుమ్ములో గోడలే వచ్చేవి. ఒక మేకు, పెంకుముక్క, కిటికీ చెక్కపేడు, అంతే. మనుషుల ఒంటికి సంబంధించింది ఏదీ ఎప్పుడూ రాలేదు. గోడ కూలితే లోపలున్నవాళ్లు ఏమవుతారో తెలుసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. కానీ కంటికి కనపడనిదాని గురించి అన్నం ముందు కూర్చుని ఎవరు ఆలోచిస్తారు?

ఒక ఏడాది ఎక్కడో పెద్దవాళ్లు చేతులు కలుపుకుని సంధి చేసుకున్నారు. ఊళ్లో దుమ్ము ఆగిపోయింది. మొదట్లో ఆడవాళ్లు నడుం నొప్పులు తగ్గాయని సంబరపడ్డారు. తర్వాత కిరాణా కొట్టు మూతపడింది. టైలరు మిషను నెత్తిన పెట్టుకుని వేరే ఊరు పోయాడు. బడిలో పిల్లలు మధ్యాహ్నానికి సోలిపోయేవాళ్లు. వేరేచోట నోట్లో మన్ను పడితే బతుకు పోయిందంటారు గానీ, ఆ ఊళ్లో ఇంట్లో మన్ను పడితేనే నోట్లోకి నాలుగు వేళ్లు వెళ్లేవి. సంధి చెడి మళ్లీ దుమ్ము పడ్డ రోజున చివరి బెంచీ వాళ్లు చుట్టుపక్కల వాళ్లని పిలిచి మరీ చూపించారు. అప్పటినుంచి ఆ ఊళ్లో పంపుల దగ్గర గొడవ ముదిరితే "నీ ఇల్లు అద్దంలా మెరవ!" అని తిట్టుకునేవాళ్లు.

గేజి అక్కకి ఒక్కతే కూతురు. ఈ దుమ్ములోనే పాకింది, ఈ చీపురుతోనే పెరిగింది. పెళ్లయి రెండు సరిహద్దుల అవతల ఉంటోంది. అల్లుడు అక్కడి ఆసుపత్రిలో లిఫ్టులు బాగుచేస్తాడు. కాపురానికి వెళ్లిన కొత్తలో, డబ్బాల అడుగున మిగిలిన ఆకుపచ్చలో పసుపూ నీలమూ చేతికొచ్చినంత కలిపి, పడకగది గోడకి తనే రంగు వేసుకుంది. అటు చిలకా కాదు, ఇటు నాచూ కాదు. అలాంటి రంగు డబ్బు పెట్టినా ఏ కొట్లోనూ దొరకదు. పుట్టింటికి వచ్చినప్పుడు చిన్న డబ్బాలో మిగిలిన రంగు తెచ్చి అమ్మ కూర్చునే పీటకి పూసింది. దీని మీద కూర్చుంటే మా ఇంట్లో కూర్చున్నట్టేనని చెప్పి వెళ్లింది.

ఆ రోజు గేజి అక్క పొయ్యి గట్టు ఊడుస్తుంటే బూడిదరంగు దుమ్ములో ఒక పెచ్చు తేలింది. గోరంత ఉంది. తడి గుడ్డతో తుడిచింది. పీట పక్కన పెట్టి చూసింది. ఏది పీటో ఏది పెచ్చో తెలియలేదు.

మొగుడిని కేకేసింది. ప్రెస్సు దగ్గర పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి, కేకలు వినపడవు గానీ ఆమె మొహం చూసి లేచి వచ్చాడు. పెచ్చు చూశాడు, పీట చూశాడు. "అవును" అని ఒక్క మాట అని, పీట తీసుకెళ్లి మంచం కింద పెట్టి, మళ్లీ తీసుకొచ్చి ఎక్కడిది అక్కడే పెట్టాడు.

మర్నాడు ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లింది. కొంపలంటుకుంటున్నా నిదానంగా కానివ్వమంటాడని ఆయన్ని అందరూ నిదానం గారనేవాళ్లు. చెడ్డవాడు కాదు. ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా అనుమానించలేదు. కూర్చోబెట్టి టీ తెప్పించాడు. మనం ఆ దేశానికి అమ్మడం లేదు కదమ్మా అన్నాడు. మరి ఎవరికి అమ్ముతున్నామని ఆమె అడిగితే, బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి ఒక గీత గీశాడు. మన దగ్గర వీళ్లు కొంటారు. వీళ్లు పాతబడ్డాయని వాళ్లకిస్తారు. వాళ్లు ఇంకెవరికో స్నేహం కొద్దీ ఇస్తారు. ఆ తర్వాత గీత బల్ల అంచు దాటి కింద కారిపోయింది. అక్కడినుంచి తనకీ తెలియదన్నాడు.

"నిన్న నేను ముద్ర కొట్టిన గుండ్ల లాటు మొత్తం ఆపేస్తాను" అంది గేజి అక్క.

"ఆపమ్మా, నీ హక్కు. ఎర్ర చీటీ కట్టు. కానీ నువ్వు కాదన్న లాటు రెండో బెంచీకి పోతుంది. అక్కడ మళ్లీ గేజి తొడుగుతారు. గుండ్లు బాగున్నాయి కదా, పాస్ అవుతాయి."

గుండ్లు నిజంగానే బాగున్నాయి. ఇన్నేళ్లలో గేజి అక్క చేతిలోంచి వంకర గుండు బయటికి పోలేదని ఫ్యాక్టరీలో చెప్పుకునేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి గర్వంగా ఉండేది. ఆ రోజు ఆ గర్వం తలుచుకోవడానికే సిగ్గేసింది. అయినా వెళ్లి ఎర్ర చీటీ కట్టింది. షిఫ్టులో వాళ్లు మొదటిరోజు జాలిగా చూశారు. లాటు కదలక పని ఆగేసరికి, తర్వాత విసుగ్గా చూశారు.

రెండో బెంచీ ఎదురింటి వదినది. అడక్కుండానే తనే మాట ఇచ్చింది, అమ్మాయి ఇల్లు మారేదాకా ఆ లాటు జోలికి పోనని. మెడ పట్టేసిందంది, గేజి తుప్పు పట్టిందంది, ఏవో సాకులతో రోజులు నెట్టింది.

కూతురికి ఫోన్ చేస్తే ఎక్కువ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల కదా. రంగు సంగతి చెప్పగానే అర్థమైపోయింది.

"ఎప్పుడమ్మా?"

"అది దుమ్ము చెప్పదు కదే."

"మా ఒక్క ఇల్లేనా?"

"నేను గుర్తుపట్టింది అదొక్కటే" అంది గేజి అక్క. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ దాని బరువు ఆమెకి తెలియలేదు. ఇన్నేళ్లూ ఊడ్చి బండికెత్తినవన్నీ ఎవరో ఒకరు గుర్తుపట్టగలిగిన గోడలే. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చింది. ఏడుపు ఎవరికోసమని మొగుడు అడిగితే లేచి చీపురు అందుకుంది.

కూతురూ అల్లుడూ నెల తిరక్కుండా సామాను కట్టి వేరే పట్నం పోయారు. అల్లుడికి అక్కడ ఏదో పని దొరికింది. క్షేమంగా చేరామని ఫోన్ వచ్చిన రోజున గేజి అక్క ఎదురింటికి వెళ్లి వదిన చేతులు పట్టుకుంది. వదిన మెడనొప్పి ఆ పూటతో తగ్గిపోయింది. తెల్లారి లాటుకి గేజి తొడిగింది. ఆమెకీ ఇల్లుంది, పిల్లలున్నారు.

సాయంత్రం వదిన తన ఇంట్లో ఊడ్చిన దుమ్ము చేటలోకి ఎత్తుకుని వీధి దాటి వచ్చింది. మొహం విప్పారి ఉంది.

"చూడు వదినా, మొత్తం జల్లెడ పట్టాను. ఆకుపచ్చ నలుసు కూడా లేదు. గులాబీ రంగు. నీది కాదు, ఇంక నిశ్చింతగా పడుకో."

గేజి అక్క చేటలోంచి ఒక పెచ్చు తీసింది. లేత గులాబీ. దాని మీద పిల్లలు అతికించుకునే కాగితపు చుక్క సగం చిరిగి ఉంది. వదిన మొహంలో సంతోషం చూసి తనూ నవ్వబోయింది. కానీ ఏ వస్తువైనా రెండు వైపులా చూడకుండా వదలడం ఆమె చేతికి అలవాటు లేదు. తిప్పింది. గులాబీ రంగు వెనక, పాత పొర, పీట రంగు.

కూతురికి ఫోన్ చేసింది. మీరు వదిలిన ఇంట్లో ఇప్పుడెవరున్నారని అడిగింది.

"సరిహద్దు ఊళ్లనుంచి పారిపోయి వచ్చినవాళ్లమ్మా. చిన్నపిల్లలతో రోడ్డు మీద ఉంటే చూడలేక తాళం వాళ్ల చేతికే ఇచ్చాం. ఏడ్చేశారు పాపం. గోడలకి మళ్లీ రంగు కూడా వేసుకుంటున్నారట."

గేజి అక్క పెచ్చు సంగతి చెప్పింది. వాళ్లకి చెబుతానని కూతురు ఫోన్ పెట్టేసింది. మర్నాడు చేసింది. గొంతు అలిసిపోయి ఉంది.

"చెప్పానమ్మా. నమ్మారు."

"మరి వెళ్తున్నారా?"

"వాళ్లకి ఇది మూడో ఇల్లట. ఇంక ఎక్కడికీ కదలలేమన్నారు. నిన్ను ఒకటే అడగమన్నారు. ఆ దుమ్ములో మనుషుల జాడ ఏమైనా ఉందా అని."

గేజి అక్క చేట వైపు చూసింది. ఉందని చెప్పొచ్చు. చెబితే పిల్లల్ని తీసుకుని మళ్లీ రోడ్డెక్కుతారు. ఆ రోడ్డు మీద పడే గుండు దుమ్ము ఎవరింట్లో పడుతుందో, ఏ పెచ్చు చూసి గుర్తుపట్టాలో ఆమెకి తెలియదు. ఎటు తిప్పి చూసినా దారి కనపడలేదు.

"అందులో మనుషులు రారని నీకు తెలుసు కదే."

"తెలుసు. కానీ నువ్వు చెప్పిందే నేను చెబుతాను."

మొగుడు ఎదురుగా కూర్చుని ఆమె పెదాలే చూస్తున్నాడు.

"లేదని చెప్పు" అంది గేజి అక్క.

కాసేపటికి ఫోన్ మళ్లీ మోగింది. వాళ్లు ఎంతో సంతోషించారట. తనకి దండం పెట్టామని చెప్పమన్నారట. గేజి అక్క సరేనంది. ఈలోగా ఎదురింటి గుమ్మంలోంచి వదిన కేకేసింది, వాళ్లింట్లో ఆ పూట దుమ్ము అప్పుడే మొదలైందట, చేట ఖాళీ చేసి ఇమ్మని.