సామాన్ల కాడ కూర్చున్న మనిషి

"మునీ, సామాన్లు చూస్తా ఉండు, ఇప్పుడే వస్తా" అని చెప్పి మా ఆయన ఓబులేసు బస్సు ముందువైపు వెళ్లిపోయాడు. అక్కడ నలభై మంది మగవాళ్లు చేరి పేలిపోయిన టైరుకేసి చూస్తున్నారు. ఒక టైరును అంతమంది చూడటం వల్ల ఏం లాభమో తెలియదు కానీ, మగవాళ్లకు అదొక పని. నా పని పాతదే. జాకీ పెట్టడానికి బరువు తగ్గాలని డ్రైవరు టాపు మీది సామాన్లన్నీ కిందికి దింపించాడు. మావి రెండు సూట్‌కేసులు, దుప్పటిలో కట్టిన మూట, టేప్ రికార్డర్ డబ్బా, నీళ్ల క్యాను, ఖుబ్జ్ రొట్టెల సంచి, మా ఆయన పానాల పెట్టె. మొత్తం ఏడు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి నెలన్నర దాటింది. ఇండియా వాళ్లను ఇరాక్ మీదుగా అమ్మాన్ చేర్చి అక్కడ విమానం ఎక్కిస్తున్నారు. నిన్న కువైట్‌లో బస్సెక్కిన దగ్గర్నుంచి నేను ఈ ఏడింటినీ లెక్కపెడుతూనే ఉన్నాను.

పెళ్లయిన పదహారేళ్లలో నేను చాలా చోట్లు చూశాను. చూడటమంటే, వాటి మొదట్లో కూర్చోవడం. పెళ్లయిన నాలుగో నెలలో అత్తగారింట్లో అందరం ట్రాక్టరెక్కి గండికోటకు పోయాం. కోట వాకిలి దాటగానే మా అత్త, "కొత్తకోడలు ఎండకు నల్లబడతాది. ఈడనే నీడన కూచోమ్మా, సద్ది గంపలు చూసుకుంటా" అంది. ఎంత ప్రేమో అనుకున్నాను. వాళ్లు మసీదు చూశారు, గుళ్లు చూశారు, పెన్నా లోయ చూశారు. నేను గంపలకు చీమలు పట్టకుండా చూశాను. ఆ తర్వాత మద్రాసు సముద్రం ఒడ్డున చెప్పులు, బొంబాయి విమానాశ్రయంలో పెట్టెలు. "నీ అంత జాగర్త ఎవురికుందే!" అని మా ఆయన మెచ్చుకునేవాడు. వినీ వినీ నేనూ నమ్మాను. ఒకచోట కదలకుండా కూర్చోవడం కూడా పెద్ద తెలివే అనుకుని పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కువైట్‌లో ఆరేళ్లు జాబ్రియాలో ఒక ఇంట్లో పనిచేశాను. ఆ ఇంటి యజమానురాలిని మామా అని పిలుస్తాం. కిందటేడు వేసవిలో పిల్లల్ని చూసుకోవడానికి మామా నన్ను జర్మనీ తీసుకెళ్లింది. రైన్ అనే నది, రెండు పక్కలా కొండలు, కొండల నిండా దువ్వెనతో దువ్వినట్టు ద్రాక్ష తోటలు, అక్కడక్కడా కొండ కొమ్మున ఒక పాత కోట. ఆ ద్రాక్షతో వైన్ చేస్తారట. మామా వాళ్లు దాని పేరైనా ఎత్తరు, కోటలు చూడటానికే వచ్చారు. ఎక్కడ చూసినా చేతికర్రలతో కొండలెక్కేవాళ్లు, నది వెంట సైకిళ్లు తొక్కేవాళ్లు, పడవల్లో పాటలు పాడుకుంటూ పోయేవాళ్లు. పన్నెండు రోజుల్లో తొమ్మిది కోటలు చూశాం. తొమ్మిదింటికీ నేను అడుగునే. పసిదాని తోపుడు బండి, ఐసు డబ్బా, సంచులు నా చుట్టూ. "మునీ, నువ్విక్కడే ఉండు. యల్లా, పదండి పిల్లలూ!" అనేది మామా. ఒకరోజు తోటలో పనిచేస్తున్న ముసలామె నన్ను చూసి, కొండపైకి వేలు చూపించి, వెళ్లవా అన్నట్టు కళ్లెగరేసింది. నేను సంచులు చూపించాను. ఆమె తలాడించి ఒక చిన్న ద్రాక్షగుత్తి కోసిచ్చింది. ఇంకా పండలేదు, నోట్లో వేసుకోగానే పళ్లు జివ్వుమన్నాయి.

ఈ ఏడు వేసవికి మామా నన్ను తీసుకెళ్లలేదు. "ఇల్లు చూసుకుంటూ ఉండు" అంది. అన్నిటికంటే పెద్ద సామాను అదే. వాళ్లు అటు విమానమెక్కిన మూడు వారాలకు ఇటు సైన్యం దిగింది. పక్క ఇళ్లలో పనిచేసే షరీఫా బీ, రత్నమణి తలా ఒక మూటతో నా దగ్గరకు వచ్చేశారు. షరీఫా బీది మా కడప వైపే, నాకంటే పదేళ్లు పెద్దది. రత్నమణిది అమలాపురం దగ్గర, ఇంకా పాతికేళ్లు లేవు. బయట రొట్టె కోసం గంటల తరబడి వరస, ఎక్కడో తుపాకుల చప్పుడు. అల్ రాయ్‌లో కార్ల షెడ్డులో పనిచేసే మా ఆయన నుంచి వారానికొక కబురు. మధ్యాహ్నం అయ్యేసరికి భయం పట్టుకునేది. అప్పుడే ఒకరోజు మామా జర్మనీ ఫోటోల ఆల్బం తీసి నేను టూరు మొదలుపెట్టాను. మేడమెట్లే కొండ, చీపుళ్లే చేతికర్రలు. "యల్లా, మొదటి కోట!" అని నేను ముందు నడిస్తే రత్నమణి వెనక ఎక్కేది. షరీఫా బీ మోకాళ్లు పట్టుకుని మూడో మెట్టు మీదే కూలబడి, "ఈ కోట నేను కింద్నుంచే చూస్తా పోండి" అనేది. బయట ఊరు ఊరంతా తల్లకిందులవుతుంటే లోపల మేం ముగ్గురం కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

"పైకెక్కాక ఏం కనబడుద్ది అక్కా?" అని ఒకరోజు రత్నమణి అడిగింది. చూడలేదని చెప్పడానికి నోరు రాలేదు. "నది వడ్డాణం మాదిరి తిరిగి ఉంటాది. పడవలు అగ్గిపెట్టెలంతే కనపడతాయి. మా గండికోట కాడ గూడా అంతే. కోటంతా తిరిగి, పక్కనే పెన్నలో కాళ్లు కడుక్కోని సద్ది తినింటిమి" అన్నాను. షరీఫా బీ ఒక్క క్షణం నా మొహం చూసి, మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరుకుంది.

ఇప్పుడు టైరు పేలిన చోట, రోడ్డుకు కాస్త దూరంలో ఒక పెద్ద ఇటుకల దిబ్బ ఉంది. ఏ రాజు కట్టించాడో, కోటో గుడో డ్రైవరుకూ తెలియదు. చాలా పాతదనీ, పైకెక్కితే ఫురాత్ అనే పెద్ద నది కనిపిస్తుందనీ మాత్రం చెప్పాడు. అరిగిపోయిన మెట్లు పైదాకా ఉన్నాయి. ఉదయం ఏడు కూడా కాలేదు, ఎండ ఇంకా ముదరలేదు. మాతోపాటే బస్సెక్కిన రత్నమణి అప్పుడే సగం ఎక్కేసి, "అక్కా, వచ్చెయ్యి! ఇది నిజం కోటే!" అని కేకలు పెడుతోంది. లేచాను. ఏడు సామాన్లూ చూశాను. మళ్లీ కూర్చున్నాను.

"కూచుంటివేం?" అంది షరీఫా బీ, తన మూట మీద ఆనుకుని.

"సామాన్లుండాయి గదక్కా."

"గండికోట కాడ కాళ్లు కడుక్కుంటినంటివే ఆ పొద్దు, యాడ కడుక్కుంటివి? మసీదు దాటి పోతే కాళ్ల ముందర బండ తెగిపోతాది. నీళ్లు యాడో పాతాళంలో ఉంటాయి. మా నాయన చెయ్యి పట్టుకోని చూసినా నాకు కాళ్లు వణికినాయి. ఆడ కాళ్లు కడుక్కోవల్లంటే రెక్కలుండాల."

నా మొహం మాడిపోయింది. "చూడలేదక్కా" అన్నాను. "అదీ చూడలేదు, జర్మనీలో ఒక్క కోటా చూడలేదు. అన్నిటికాడా సామాన్ల కాడనే కూచుంటి."

"నాకెప్పుడో తెలుసులే. పో, ఈడన్నా ఎక్కి చూసి రా."

"వీటిని కొంచెం నువ్వు చూస్తావా?"

"చూడను" అంది షరీఫా బీ. "నాకు అప్పజెప్పి పోతే పైన గూడా నీకు సామాన్ల ద్యాసే. నా మోకాళ్లను నేను చూసుకుంటా, నీ పెట్టెల్ని అల్లా చూసుకుంటాడు." అటు తిరిగి కళ్లు మూసుకుంది.

ఎవరైనా ఎత్తుకుపోతే? నా ఆరేళ్ల కువైట్ ఆ ఏడింటిలోనే ఉంది. అమ్మ దగ్గర పెరుగుతున్న నా కూతురి కోసం కొన్న గౌన్లు ఉన్నాయి, అది ఎంత పొడుగైందో, సరిపోతాయో లేదో కూడా తెలియదు. పోతే మా ఆయన ఊరు చేరేదాకా, చేరాక కూడా, చచ్చేదాకా అంటూనే ఉంటాడు. అదంతా నిజమే. కానీ రేపు ఆ పిల్ల నా ఒళ్లో కూర్చుని, ఏమేం చూశావమ్మా అని అడుగుతుంది. అప్పుడు నేను మళ్లీ వడ్డాణం కథ చెప్పాలి, మళ్లీ పెన్నలో కాళ్లు కడుక్కోవాలి. ముప్పై మూడేళ్ల వయసుకు నా దగ్గర చెప్పుకోవడానికి ఒక్క నిజం లేదు. గౌన్లు మళ్లీ కొనొచ్చు. ఈ దిబ్బ ముందర మళ్లీ టైరు పేలుతుందని ఏ దేవుడూ హామీ ఇవ్వడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకోబోయాను. అవీ సామానే అనిపించి అక్కడే వదిలేశాను.

మెట్లు సగం ఎక్కేదాకా మూడుసార్లు వెనక్కి చూశాను. ఆ తర్వాత రొప్పుతో చూడటం మరిచిపోయాను. పైన గాలి ఒక్కసారిగా కొట్టి పైట ఎగరగొట్టింది. రత్నమణి నా చెయ్యి పట్టుకుని అటు తిప్పింది. ఖర్జూరపు చెట్లు బారులు బారులుగా, వాటి నీడన ద్రాక్ష పందిళ్లు, వాటి మధ్య నది. నా అబద్ధంలో ఒక్క ముక్క నిజమైంది, నది నిజంగానే వడ్డాణంలా తిరిగి ఉంది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, నవ్వే గెలిచింది. "పడవలేవి అక్కా?" అంది రత్నమణి. "అవి జర్మనీలో. నేనూ చూడలేదులే" అన్నాను. దానికేం కోపం రాలేదు. ఇద్దరం ఆ గోడ మీద కూర్చుని కాళ్లు ఊపుకున్నాం.

అప్పుడు రోడ్డువైపు చూశాను. మా ఆయన తిరిగొచ్చినట్టున్నాడు, నేను కనిపించక పానాల పెట్టె మీద కూర్చున్నాడు, ఏడు సామాన్ల మధ్య. ఎంతున్నాడు? చీమంత. చెయ్యి ఊపాను, చూడలేదు. పైనున్నవాళ్లకు కింద సామాన్ల కాడ కూర్చున్న మనిషి ఇలా కనిపిస్తుందన్నమాట. పదహారేళ్లుగా వీళ్లందరికీ నేను ఇంతే కనిపించాను. రత్నమణి భుజం మీద తల ఆనించి కాసేపు నదినే చూశాను.

దిగేసరికి ఒక ఇరాకీ ముసలమ్మ గంపలో ద్రాక్ష తెచ్చి బస్సు దిగిన పిల్లలకు పంచుతోంది. నా దోసిట్లోనూ పోసింది. బాగా పండిన పళ్లు, తేనెలా ఉన్నాయి. తింటూ తింటూ సామాన్ల దగ్గరికి నడిచాను.

"యాడికి పోయినావే? ఎవురన్నా ఎత్తకపోయింటే?" అని మా ఆయన లేచాడు.

లెక్కపెట్టాను. "ఏడు. పక్కన నా చెప్పులు గూడా ఉండాయి" అన్నాను. పదహారేళ్లు కాపలా కాశాను గానీ, నేను లేకపోయినా అవి ఎక్కడికీ పోలేదు.

ఆయన దిబ్బ వైపు చూశాడు, నా వైపు చూశాడు. గొంతు తగ్గించి, "పైన ఏముందే?" అన్నాడు.

"నువ్వు కనపడినావు." బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి చేర్చి చూపించాను. "ఇంతే ఉండావు."

షరీఫా బీ కళ్లు తెరవకుండానే కిసుక్కున నవ్వింది. మా ఆయనకు అర్థం కాలేదు. టైరు మార్చడం అయిపోయి డ్రైవరు హారన్ కొట్టాడు. "యల్లా" అని నేను చెప్పులు తొడుక్కుని, ద్రాక్ష చేతుల్లో పెట్టుకుని బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన ఏడు సామాన్లూ ఒక్కొక్కటే టాపు మీదికి అందిస్తున్నాడు. ఊరు చేరాక మొదటి ఆదివారం నేనూ నా కూతురూ గండికోటకు పోతాం. ఆయననూ తీసుకుపోతాను. సద్ది గంపలు చూసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.