మూడు వేళ్ల బాణీ

ప్రిసిల్లా ఎడమ చేతి చిటికెన వేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోతుంది. మిగతాది తొమ్మిదో ఏట పిండి గ్రైండర్‌లో పోయింది. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, బొల్లారంలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతూ, ఆమె గిటార్ నేర్చుకుంటానని బయల్దేరింది.

సికింద్రాబాద్ చర్చిల్లో గిటార్ అనగానే జ్ఞానశేఖర్ పేరే చెప్పేవారు. మోండా మార్కెట్ వెనక, గిన్నెల దుకాణం పైన ఆయన క్లాసు. మొదటి రోజు పదిహేను మంది కూర్చుని ఉండగా ఆయన ప్రిసిల్లా చేతిని చూశాడు. దగ్గరికి వచ్చి మణికట్టు పట్టుకుని అందరికీ కనబడేలా పైకెత్తాడు.

"గిటార్‌కు ఈ చేతిల నాలుగు వేళ్లు గావాలె. ఈమెకు మూడే ఉన్నయ్. నాలుగిట్ల మూడంటే ఎంతరా?"

"ముప్పావు సార్!" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

గదంతా నవ్వింది. ఆ రోజు నుంచి క్లాసులో ఆమె పేరు ముప్పావు. "ముప్పావు, నువ్వు జెర వెనక కూసో. ముప్పావు, ఈ కార్డ్ నీకు రాదు గాని చూడు." కొత్తవాళ్లు చేరినప్పుడల్లా ఆమెను ముందుకు పిలిచి, నాలుగు వేళ్లతో ఒకేసారి తీగలు నొక్కాల్సిన కార్డ్ పట్టమనేవాడు. ఆ తీగ బొయ్యిమని చచ్చు చప్పుడు చేయగానే, "విన్నరా? గిట్ల రావొద్దు" అని చెప్పేవాడు.

ఆమె మానలేదు. తెల్లవారుజామున అయిదున్నరకే లేచి, స్కూలు బస్సు వచ్చేదాకా వాయించేది. తల్లి ప్రేమమణి వంటింట్లోంచి గొణిగేది. "గంత తిట్లు తినుడు ఎందుకు బిడ్డా? చర్చిల పాట పాడితే సాలదా?"

"ఆయన ముఖం మీద వాయించి చూపిస్త మమ్మీ" అనేది ప్రిసిల్లా. అది ఆమె ఊరికే అనే మాట కాదు. తీగ మీద చెయ్యి వేసిన ప్రతిసారీ ఎదురుగా ఆయన ముఖాన్ని కూర్చోబెట్టుకునేది. వేళ్లు కాయలు కాసినా, చలికి మొద్దుబారినా, ఆ ముఖం కదలనిచ్చేది కాదు.

మూడో ఏడు ఒక ఉదయం విసుగొచ్చి రెండు తీగల బిగింపు తగ్గించేసింది. అలా వదులు చేశాక, చిటికెన వేలు నొక్కాల్సిన చోట అసలేమీ నొక్కకుండా వదిలేస్తే, ఆ తీగ తనంతట తాను మోగుతోంది. అందని స్వరాన్ని ఉంగరం వేలు పరుగెత్తుకెళ్లి పట్టుకుంటోంది. కాస్త ఆలస్యంగా అందుతుంది కనుక స్వరం జారి, గొంతులో ఏడుపు ఆపుకుంటూ మాట్లాడినట్టు వస్తోంది. ప్రిసిల్లాకు ఆ రోజు బస్సు తప్పిపోయింది. ఆటోలో వెళ్లి హెడ్ మాస్టరు చేత మాటపడింది. అయినా పాఠం చెబుతూ బల్ల మీద వేళ్లతో అదే వాయించుకుంటూ ఉంది.

ఏడాదిపాటు దాన్ని సానబెట్టి, ఒక పాత కీర్తనను ఆ పద్ధతిలో కూర్చి, ఒక శనివారం క్లాసులో వాయించింది. ఎవరూ నవ్వలేదు. జ్ఞానశేఖర్ కిటికీ వైపు తిరిగాడు.

"శ్రుతే తప్పింది. తీగలు టైట్ చేసుకో" అన్నాడు. అందరూ వెళ్లాక మాత్రం ఆమెను ఆపాడు. "ఇంకోసారి వాయించు. ఫోన్‌ల వీడియో తీస్త. నీ తప్పులు నీకు చూపిస్త."

వరుసగా మూడు శనివారాలు తీశాడు. చేతిని దగ్గర్నుంచి, పక్కనుంచి, నెమ్మదిగా వాయించమని చెప్పి మరీ తీశాడు. తప్పులేమిటో ఎప్పుడూ చెప్పలేదు.

ఆరు నెలల తర్వాత స్టాఫ్ రూములో తోటి టీచరు మాధురి ఫోన్ ముందుకు పెట్టింది. "మీ సారే కదా? మస్తు వైరల్ అయింది చూడు." తెరమీద జ్ఞానశేఖర్ ఆ కీర్తనే, ఆ పద్ధతిలోనే వాయిస్తున్నాడు. నిండుగా ఉన్న తన చిటికెన వేలిని అరచేతిలోకి మడిచి, చర్మం రంగు ప్లాస్టర్‌తో అంటించుకున్నాడు. కింద 'నా మూడు వేళ్ల స్టైల్' అని రాసి ఉంది.

ప్రిసిల్లా ఆ వేలినే చూసింది. తనకు లేనిదాన్ని ఆయన దాచిపెట్టి వాయిస్తున్నాడు.

ఆ క్రిస్మస్‌కు కంటోన్మెంట్‌లోని ఒక హాల్లో పోటీలు పెట్టారు. ఆమె వెళ్లి తన కీర్తన వాయించింది. జడ్జిగా గుంటూరు నుంచి వచ్చిన కుసుమకుమారి అనే పెద్దావిడ ఆమెను దగ్గరికి పిలిచి తల నిమిరింది.

"చక్కగా వాయించావు తల్లీ. కానీ ఇది జ్ఞానశేఖర్ గారి బాణీ కదా? ఎంత బాగా వచ్చినా నకలు నకలే. నీ సొంతం అంటూ ఒకటి వెతుక్కో."

"అది నాదే మేడం."

"మొదట్లో అందరికీ అలాగే అనిపిస్తుందమ్మా" అని ఆవిడ నవ్వింది. ఆ నవ్వులో ఎక్కడా వెటకారం లేదు. ప్రిసిల్లా గిటార్ సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది.

మర్నాడు క్లాసుకు వెళ్లింది. ఆయన ఒక్కడే కూర్చుని తీగలు మారుస్తున్నాడు.

"అది నాది సార్. మీకు తెల్సు."

ఆయన తల ఎత్తలేదు. "తెల్సు. అయితే ఏందీ? నువ్వు వాయిస్తే ఎవరింటరు? పాపం, వేలు లేని పిల్ల అని జాలి పడతరు, చప్పట్లు కొడ్తరు, ఇంటికి పోతరు. నేను వాయిస్తే మ్యూజిక్ అంటరు. నీ పాట బతికింది నా వల్ల. అది సుత అర్థమైతలేదా?"

ఆమె గుమ్మం దాకా వెళ్లింది. వెనక నుంచి ఆయనే పిలిచాడు. "పరేషాన్ గాకు. వచ్చే నెల చర్చి హాల్ల నాకు సన్మానం ఉంది. వెనక నువ్వే వాయించాలె. దానికి వెనక పట్టేది ఇంకెవ్వరికీ రాదు."

"వస్త సార్" అంది ప్రిసిల్లా.

ఇంటికి వెళ్లి ఆ వీడియో మళ్లీ మళ్లీ చూసింది. వేలు పరుగెత్తాల్సిన ప్రతిచోటా కెమెరా చేతి మీంచి ముఖం మీదికి పోతోంది. లెక్కపెట్టింది. పదకొండు చోట్ల. ముక్కలు ముక్కలుగా వాయించి అతికించాడు. మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయించడం ఆయనకు రాదు.

సన్మానం రోజు హాలు నిండింది. ముందు వరుసలో ఆయన భార్య ఎలీనా పట్టుచీరలో కూర్చుంది. శాలువా కప్పారు. జ్ఞానశేఖర్ వేలికి ప్లాస్టర్ వేసుకుని కుర్చీలో సర్దుకున్నాడు. ఆయన వేగం చెప్పాలి, ఆమె వెనకనుంచి అందుకోవాలి. అదీ ఒప్పందం. ఆయన నోరు తెరిచేలోపే ప్రిసిల్లా మొదలుపెట్టింది, కీర్తన అసలు వేగంలో.

ఆయన అందుకోబోయాడు. కీర్తనలో రెండు వరుసలు దాటాక మడిచిన వేలు ప్లాస్టర్ తెంచుకుని బయటికొచ్చి పక్క తీగను తాకింది. కర్ణకఠోరంగా ఒక చప్పుడు. జనం మర్యాదగా నవ్వారు. ప్రిసిల్లా ఆపి, మైకు దగ్గరికి వంగింది.

"ఏం గాదు సార్. మొదటి నుంచి షురూ చేద్దాం."

ఈసారి ఇంకాస్త వేగం పెంచింది. ఆయన మూడో వరుసలో ఆగిపోయాడు. నుదుటి చెమట కంట్లోకి దిగింది. ఆమెవైపు తిరిగి పెదవులతోనే "జెర మెల్లగ" అన్నాడు. ఆమెకు స్పష్టంగా అర్థమైంది.

"ఇంకోసారి సార్. మీ స్టైలే గద" అంది మైకులోనే.

మూడోసారి ఆయన చెయ్యి తీగల మీంచి జారిపోయింది. ప్రిసిల్లా ఆగలేదు. ఆయన భాగమూ తన భాగమూ కలిపి చివరిదాకా ఒక్కతే వాయించింది, ఆయన ముఖంలోకే చూస్తూ. ఇన్నేళ్లూ ఊహించుకున్న ముఖం కంటే అది చాలా ముసలిది. దానివల్ల ఆమె వేగం తగ్గలేదు. ఎలీనా స్టేజీ మీదికి వచ్చి, భర్త ఒళ్లోంచి గిటార్ తీసి కింద పెట్టి, భుజం పట్టుకుని నడిపించుకుపోయింది.

ఆ బాణీ ఎవరిదన్న నిజం ఎవరికీ తెలియలేదు. ఆమె చెప్పనూ లేదు. చర్చి పెద్దలు ఆమెతో మాట్లాడటం మానేశారు. "నేర్పిన మనిషిని గట్ల నలుగురిల నగుబాటు చేస్తరా?" అని నిలదీసిన తల్లి, రెండు రోజులు అన్నం వడ్డించి పక్క గదిలోకి వెళ్లిపోయేది. ప్రిసిల్లాకు సిగ్గనిపించలేదు. ఆ రెండు రోజులూ ఒళ్లంతా తేలికగా ఉంది. నిద్రలో కూడా నవ్వింది.

మూడో రోజు అయిదున్నరకు మెలకువ వచ్చింది. గిటార్ ఒళ్లో పెట్టుకుని ఎదురుగా చూసింది. అక్కడ ఖాళీ గోడ ఉంది. ముఖం రావడం లేదు. వచ్చినా అది స్టేజీ మీద చెమట కారుతున్న ముఖమే. దానికి వాయించి చూపించాల్సింది ఏమీ మిగల్లేదు. వేళ్లు తీగల మీద అలాగే ఉండిపోయాయి. మర్నాడూ అంతే. వారమయ్యాక గిటార్ సంచిలోకి వెళ్లింది.

జ్ఞానశేఖర్ క్లాసు మూసేశాడని, యాప్రాల్‌లో కూతురింట్లో ఉంటున్నాడని మాధురి చెప్పింది. విని, ప్రిసిల్లా జవాబు పత్రాలు దిద్దుకుంటూ కూర్చుంది. ఇద్దరి చేతుల్లోనూ గిటార్ లేదు. ఆయన తనకు చేసిన నష్టాలన్నిట్లో ఇదే పెద్దదని ఆమెకు అప్పుడు తెలిసింది. నాలుగేళ్లు తను వాయించింది తన కోసం కాదు, పాట కోసమూ కాదు. ఆయనను గెలవడానికి. గెలిచింది, అయిపోయింది.

ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం సంచి విప్పింది. వదులు చేసిన రెండు తీగలనూ మళ్లీ బిగించింది. తన బాణీ ఎత్తుకుంటే వీడియోలో మడిచిన ఆ వేలే కళ్ల ముందుకొస్తోంది. అందుకని దాన్ని వదిలేసి, మొదటి నెలలో నేర్చుకున్న రెండు సులువైన కార్డులు పట్టింది. ఎవరూ తిట్టడం లేదు, ఎవరూ వినడం లేదు. చాలా చప్పగా ఉంది. పదినిమిషాలు వాయించి పక్కన పెట్టింది.

మర్నాడు వాయించాలనిపించలేదు. వాయించలేదు. ఆ తర్వాతి రోజు మళ్లీ కూర్చుంది.