సాక్ష్యంలో లేని చేతులు

నేను సంపాదించిన ప్రమోషన్‌కు నేనే ఉల్లిగడ్డలు కోస్తున్నాను. ప్రమోషన్ మాత్రం మా ఆయన పేరు మీద వచ్చింది. జాన్సన్ టీమ్ లీడ్ అయ్యాడని ఈ పూట మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. చర్చి నుంచి అయ్యగారు వస్తారు, సంఘం వాళ్లు వస్తారు, ఆఫీసు నుంచి మేనేజర్ సదానందం సార్ కూడా వస్తారు. పాటలు, వాక్యం, సాక్ష్యాలు అయ్యాక భోజనాలు. బగారా, కోడికూర, పెరుగు చట్నీ, డబల్ కా మీఠా. "వంట బయట చెప్తే ఏం మంచిగుంటది, ఇంట్ల చేస్తేనే దీవెన" అని మా అత్తమ్మ ప్రేమమ్మ ముందే తేల్చేసింది. దీవెన ఆమె కొడుక్కి, గరిటె నాకు.

"హెప్సీ, నా తెల్లంగి ఇస్త్రీ చేసినవా?" పడకగదిలోంచి జాన్సన్. "హెప్సీ, చాపలు దులిపినవా?" ముందు గదిలోంచి అత్తమ్మ. "అమ్మా, నా క్లిప్పు!" మా కూతురు రూతు. చేసిన, దులిపిన, అద్దం దగ్గర చూడు. కళ్లు మండుతున్నా అందరికీ పలికాను. పలకడం నాకు అలవాటైపోయింది.

ఈ పలకడం గురించి ఒకసారి జాన్సన్‌కు పాఠం కూడా చెప్పాను. మేమిద్దరం కరీంనగర్‌లో ఒకే ఇంజనీరింగ్ కాలేజీ, ఒకే క్లాసు. తర్వాత ఒకే కంపెనీలో చేరాం. అక్కడ బిల్డులన్నీ, అంటే రాసిన కోడును నడిచే ప్రోగ్రాంగా కట్టే పనంతా, నేనే చూసేదాన్ని. రూతు పుట్టాక "కొన్నాళ్లు ఇంటి పట్టున ఉండు" అన్నారు. ఆ కొన్నాళ్లు ఇంకా అయిపోలేదు. అయితే నేను మానేసింది జీతమే, పని కాదు. సాయంత్రం ఆయన బ్యాగులో ఖాళీ టిఫిన్ డబ్బాతో పాటు ఆఫీసు పని కూడా ఇంటికి వచ్చేది. "జర గిది చూడు హెప్సీ, నీకైతె జల్ది సమజైతది" అని నా ముందు పెట్టి టీవీ దగ్గరికి వెళ్లేవాడు. పొయ్యి మీద పప్పు ఉడికేలోపల చూసి ఇచ్చేదాన్ని. కార్టూన్ల కోసం రూతు ఏడుస్తుంటే, నా పాత ల్యాప్‌టాప్ మా ఇద్దరి మధ్య అటూ ఇటూ మారుతుండేది.

ఈసారి వచ్చిన పని ఈవెంట్ లూప్ లైబ్రరీ అనే ఒక రెడీమేడ్ కోడుది. రైస్ మిల్లుల్లో ధర్మకాంటాల దగ్గర జాన్సన్ వాళ్ల కంపెనీ చిన్న చిన్న డబ్బాలు పెట్టింది. ఏ లారీ కాంటా ఎక్కినా దాని తూకం ఆ డబ్బాలోంచి ఆఫీసు కంప్యూటర్‌కు చేరాలి. డబ్బాలో లినక్స్, ఆఫీసులో విండోస్. రెండింటి మీదా నడుస్తుందని ఆ లైబ్రరీని తెచ్చుకున్నారు. "అసలు అది చేసే పనేంది?" అని అడిగాడు జాన్సన్.

"ఒక్కకాడ కూసుండి అన్ని దిక్కులా చెవులు పెడ్తది. ఎవరు పిలిస్తె వాళ్లకు పలుకుతది. ఒకరి పనిల ఉండంగ ఇంకొకరు పిలిస్తె యాది పెట్టుకుంటది. మీ ఇంట్ల నా లెక్క" అన్నాను.

పగలబడి నవ్వాడు. మర్నాడు ఆఫీసులో ఇదే ముక్క తన మాటగా చెప్పాడట, అందరూ నవ్వారట. ఇంటికొచ్చి మురిసిపోతూ నాకే చెప్పాడు.

ఆ లైబ్రరీని తెచ్చినదాన్ని తెచ్చినట్టు వాడుకోలేం. మనకు కావలసిన తీరుగా కట్టుకోవాలి. కట్టడానికి ముందు ఆప్షన్లు చెప్పాలి, ఏది ఉండాలో ఏది వద్దో. ఇల్లు కట్టేముందు కిటికీ ఎటు పెట్టాలో మేస్త్రీకి చెప్పినట్టే. అందులో టెస్టుల ఆప్షన్ ఒకటుంటుంది. అది ఆన్‌లో ఉంటే, కట్టింది నిలబడుతుందో లేదో లైబ్రరీ తనను తానే పరీక్షించుకుని, తప్పుంటే ఎర్రగా, లేకుంటే పచ్చగా చూపిస్తుంది. జాన్సన్ దాన్ని ఎప్పుడూ ఆఫ్‌లోనే పెట్టేవాడు.

"టైం తింటయ్ అవి. ఎర్రగొస్తె సార్ గుస్సైతడు. బంద్ పెడ్తె ఫికరుండదు."

"బంద్ పెడ్తె తప్పు పోతదా? కనవడదు, గంతే."

"కనవడకుంటె చాలు" అన్నాడు. నిజంగానే అన్నాడు.

ఆఫీసులో బిల్డ్ పచ్చగా వచ్చింది. హుజూరాబాద్ మిల్లుల్లో మాత్రం డబ్బాలు ఆన్ చేయగానే ఆగిపోయాయి. లారీలు కాంటాల దగ్గరే నిలబడిపోయాయి, మిల్లుల వాళ్లు ఫోన్లు చేసి తిట్టారు. సదానందం సార్ ఫోన్లో నిలదీస్తే జాన్సన్ ఏమన్నాడో తెలుసా? "ఇంట్ల మా మిసెస్ ల్యాప్‌టాప్ ముట్టుకున్నది సార్, ఏదో ఒత్తినట్టున్నది." నా ఎదురుగానే, నేను పెట్టిన అన్నం తింటూ. పని కుదిరితే ఆ ఇంట్లో నేను ఉండను. చెడిందంటే చాలు, వెంటనే ఉంటాను. ఆ రోజు ఇంకొంచెం పెరుగు వడ్డించాను కూడా, ఇప్పుడు తల్చుకుంటే నా చేతిని నేనే కొట్టాలనిపిస్తుంది.

ఆ శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన. జాన్సన్, అత్తమ్మ వెళ్లారు. ఆయన ఉపవాసం. నేనూ తినలేదు, తీరిక లేక. రూతు నిద్రపోయాక, ఆయన మిల్లు నుంచి తెచ్చి పడేసిన డబ్బాను వంటింట్లో పోపుడబ్బా పక్కన ప్లగ్గుకు పెట్టి నా ల్యాప్‌టాప్‌కు కలిపాను. ఆప్షన్లు చెప్పి కన్ఫిగర్ చేస్తున్నప్పుడు తెర మీద బిలబిలా వరసలు వచ్చి పోతుంటాయి. జాన్సన్ వాటిని చదవడు, చివర్లో పచ్చగా ఉందా లేదా అనే చూస్తాడు. నేను చదివాను, ఆఫీసు బిల్డులో వచ్చినవి కూడా. విషయం అందులోనే ఉంది. లైబ్రరీ తాను ఏ మిషన్‌లో తయారవుతోందో ఆ మిషన్‌లో ఏమేం ఉన్నాయో వెతుక్కుంటుంది. ఆఫీసు మిషన్ కొత్తది. పిలుపులు వినడానికి అందులో కొత్త పద్ధతి ఒకటి ఉందని చూసి, దాన్ని తనంతట తానే ఆన్ చేసుకుంది. పాత మిల్లు డబ్బాకు ఆ పద్ధతి తెలియదు. లైబ్రరీ మాత్రం తాను పుట్టిన చోట ఉన్నవన్నీ వెళ్లిన చోట కూడా ఉంటాయని నమ్మి వెళ్లి అక్కడ ఆగిపోయింది.

దాని మీద నాకు జాలేసింది, నా పెళ్లయిన కొత్తల్లో నేనూ అంతే కదా. ఆ కొత్త పద్ధతిని ఆఫ్ చేసి పాతదాన్ని ఉంచాను. ఏ డబ్బా కోసం కడుతున్నానో దాని వివరం చెప్పాను. టెస్టులు ఆన్ చేసి, నా ల్యాప్‌టాప్‌లో కాకుండా ఆ డబ్బాలోనే నడిపించాను. మొదట ఎర్రగా వచ్చాయి. కారణాలు వెతుక్కుంటూ, సరిచేసుకుంటూ పోతే ఒక్కొక్కటీ పచ్చగా మారింది. చివరిది కూడా మారినప్పుడు నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను, రూతు లేవకుండా మెల్లగా. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఎన్నాళ్లకో నేను నాకు నచ్చాను.

చర్చి నుంచి వచ్చి జాన్సన్ ఆ పని తన పేరు మీద పంపేశాడు. "నా పేరు?" అంటే నవ్వాడు. "ఇద్దరు ఒక్కటే శరీరమని పెండ్లిల అయ్యగారు చెప్పలేదా? నా పేరైతేంది, నీ పేరైతేంది?" అన్నాడు. మిల్లుల్లో డబ్బాలు మళ్లీ నడిచాయి. ఆయన టీమ్ లీడ్ అయ్యాడు. ఒక్కటే శరీరమైతే ఉల్లిగడ్డలకు నా కళ్లే ఎందుకు మండుతున్నాయో అయ్యగారినే అడగాలి.

ఆ వారంలోనే ఆ కంపెనీలో బిల్డులు చూసే మనిషి కావాలని ప్రకటన వేశారు. నా పాత పనే. జాన్సన్‌కు చెప్పే అప్లికేషన్ పెట్టాను. "పెట్టుకో, నేనేమన్న వద్దన్ననా" అన్నాడు. జవాబు రాలేదు. ఇన్నేళ్లు ఇంట్లో కూర్చున్నదాన్ని ఎవరు తీసుకుంటారులే అని నన్ను నేనే తిట్టుకున్నాను. అత్తమ్మయితే స్త్రీల కూడికలో లేచి ప్రార్థన మనవి చెప్పింది, "మా కోడలి మనసు కంప్యూటర్ మీదికెల్లి ఇంటి మీదికి మల్లాలె" అని. నేను అక్కడే కళ్లు మూసుకుని కూర్చున్నాను. నా గురించి అందరూ ప్రార్థించారు, నేను కూడా ఆమెన్ అన్నాను.

పాటలు మొదలయ్యాయి. కోడికూర గంజు పొయ్యి మీద పెట్టి మంట తగ్గిస్తుంటే నవనీత వంటింట్లోకి వచ్చింది. జాన్సన్ టీమ్‌లో పిల్ల, మంచిది.

"అక్కా, నన్నుగూడ ఏమన్న చెయ్యనీ. మీరు మళ్ల ఆఫీసుకొస్తరని మేమెంత సంబురపడ్డమో తెలుసా? మీరేమో అప్లికేషన్ వాపస్ తీసుకుంటిరి."

"నేనా?"

"జాన్సన్ అన్న సార్‌తోని చెప్పిండు గదక్కా. పాపతోని పరేషాన్ ఉంది, చదివిందంత మర్చిపోయింది, నలుగుట్ల పరువు పోతదని భయపడుతుంది, పక్కన పెట్టుండ్రి సార్ అని." నా ముఖం చూసి ఆగిపోయింది. "మీకు తెల్వదా?"

నాకు తెలియదు. చేతిలోని కొత్తిమీర అక్కడే పెట్టేశాను. నా వేళ్లతో పని చేయించుకుని, తన నోటితో నేను అన్నీ మర్చిపోయానని చెప్పాడు. చెంప మీద కొట్టినా ఇంత మండేది కాదు. నీళ్ల కోసం జాన్సన్ లోపలికి వస్తే అడిగేశాను. నవనీత మెల్లగా ముందు గదిలోకి జారుకుంది.

"గిప్పుడా గీ లొల్లి? ఇంటి నిండ మంది ఉన్నరు" అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వు పోతె రూతును ఎవరు చూస్తరు? అమ్మకు షుగర్. నీ మంచికే చెప్పిన. అయ్యగారు నిన్నుగూడ సాక్ష్యం చెప్పమంటడు. ఆఫీసు ముచ్చట తియ్యకు. ఒక్క వచనం చెప్పి కూసో." నీళ్లు తాగి, గ్లాసు నా చేతికే ఇచ్చి వెళ్లాడు.

మళ్లీ ఆఫ్‌లో పెట్టమంటున్నాడు.

తలుపు దగ్గర నిలబడి ఆయన సాక్ష్యం విన్నాను. "కంపెనీ పెద్ద కష్టంల పడ్డది. ఆ శుక్రవారం ఉపవాసంల మోకరించి ఏడ్చిన. దేవుడు నాకు జ్ఞానం ఇచ్చిండు. ఎవ్వరికి దొరకని తప్పు నాకు చూపించిండు" అన్నాడు. కళ్లల్లో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. సదానందం సార్ కుర్చీలో కూర్చుని తలాడిస్తున్నారు.

నాకు ఖానాపూర్‌లో మా బాపు గుర్తొచ్చాడు. ఒక ఏడు బాపు జ్వరంతో మంచం పడితే మా మక్కచేను ఎండకుండా నీళ్లు పెట్టింది పక్క చేను లచ్చయ్య. ఆయనది మా సంఘం కాదు. పంట చేతికొచ్చాక బాపు కృతజ్ఞత కూడిక పెట్టి, ఆయన్ను పిలిచి ముందు కూర్చోబెట్టాడు. "దేవుడు కాపాడిండు. గీ లచ్చయ్య చేతులతోని కాపాడిండు" అని సాక్ష్యం చెప్పాడు. లచ్చయ్య సిగ్గుతో తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత బాపు నాతో అన్నాడు, "సాక్ష్యంల చేతులు దాచిపెడ్తె అది దొంగతనమే బిడ్డా."

"సహోదరి హెప్సిబా, మీరు కూడా ఒక్క మాట చెప్పండి" అన్నారు అయ్యగారు.

"జల్ది చెప్పిపో బిడ్డా, కూర మాడుతది" అంది అత్తమ్మ చాప మీద నుంచి.

కొంగుకు చేతులు తుడుచుకుని అందరి మధ్యకు వచ్చాను.

"దేవునికి స్తోత్రం. ఆ శుక్రవారం దేవుడు సాయం చేసిండని మా ఆయన చెప్పిండు. అది నిజం. ఎవరి చేతులతోని చేసిండో చెప్పలే. మా ఆయన చర్చిల మోకాళ్ల మీద ఉన్నడు. మిల్లు డబ్బా నా వంటింట్ల ఉన్నది. ఆప్షన్లు మార్చింది నేను. టెస్టులు ఆన్ పెట్టింది నేను. తప్పు దొరికింది నాకు."

వెనక ఎవరో అలవాటు కొద్దీ ఆమెన్ అనబోయి సగంలో ఆపేశారు. "హెప్సీ" అన్నాడు జాన్సన్ పళ్ల మధ్య నుంచి. నేను సదానందం సార్ వైపు తిరిగాను.

"సార్, మా మిసెస్ ల్యాప్‌టాప్ ముట్టుకున్నదని మీతోని చెప్పిండు గద. అదొక్కటి నిజమే చెప్పిండు. ముట్టుకున్నది నేనే. నేనేం మర్చిపోలే. అప్లికేషన్ నేను వాపస్ తీసుకోలే. సోమవారం పొద్దున వస్త. ఏం పరీక్ష పెడ్తరో పెట్టుండ్రి."

సార్ జాన్సన్ వైపు చూశారు. జాన్సన్ తన తెల్లంగి గుండీ వైపు చూసుకున్నాడు. అయ్యగారు బైబిలు మూసి మళ్లీ తెరిచారు. అప్పుడే వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది.

"హెప్సీ, కూర!" అంది అత్తమ్మ. "హెప్సీ, పో, చూడుపో" అన్నాడు జాన్సన్. "అమ్మా, వాసనొస్తుంది" అంది రూతు.

నవనీత చాప మీద కొంచెం జరిగింది. నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఎవరన్న పోయి స్టవ్ బంద్ చెయ్యుండ్రి" అన్నాను.